నాన్న ఆటా, మీ ఆటా

చిరంజీవులు పెద్దోడికీ చిట్టితల్లికీ తాతయ్య ఆశీర్వదించి రాయునది. ఇక్కడ నేనూ నానమ్మా క్షేమం. అక్కడ మీరంతా క్షేమమని తలుస్తాను.

మీ నాన్నకీ మీకూ తగువు ఇంకా తెగలేదని నానమ్మ చెప్పింది. పాత ఈజిప్టులో ఊళ్లు కట్టే కంప్యూటర్ ఆట, 1999లో వచ్చిన ‘ఫారో’, అదే ఆట అని వాడు, 2023లో దాన్నే మళ్లీ తయారుచేసి తెచ్చిన ‘ఫారో: ఎ న్యూ ఎరా’ బాగుందని మీరు. ఈ తగువులో చిట్టితల్లి ప్రశ్న నాకు నచ్చింది. “ఊళ్లు అవే, నది అదే, పిరమిడ్లు అవే. మరి నాన్నకి కొత్తది ఎందుకు నచ్చట్లేదు తాతయ్యా?” పండక్కి మీ వెనకాల కుర్చీ వేసుకుని రెండూ చూశాను కనక, తీర్పు చెప్పే అర్హత నాకుంది.

బొమ్మల విషయంలో వాదన లేదు, కొత్తదే బాగుంది. ఫ్రాన్స్‌లోని ట్రిస్కెల్ కంపెనీ వాళ్లు ఇళ్లూ గుళ్లూ అన్నీ చేత్తో కొత్తగా గీశారట. నాన్న ఆటలో మనుషులు మరీ గరుగ్గా ఉన్నారు, నా కళ్లజోడుతో కూడా ఆనలేదు. యుద్ధాల్లో మాత్రం వాడి బాధ నిజం. పాతదాంట్లో విలుకాళ్లనీ రథాలనీ ఎక్కడ నిలబెట్టాలో వాడే చెప్పేవాడు. కొత్తదాంట్లో యుద్ధం దానంతటదే జరిగిపోతుంది. నాకైతే యుద్ధాల మీద పెద్ద మోజు లేదు, అందుకని దాన్ని వదిలేస్తున్నాను.

అసలు తేడా మనుషుల నడక దగ్గరుంది. రెండు ఆటల్లోనూ మీరు బజారు కట్టగానే ఒకామె బుట్టతో బయల్దేరుతుంది చూశారా? ఆమె ఏ ఇంటి పక్కగా నడిస్తే ఆ ఇంటికే తిండి, కుండలు, బట్టలు. నడవని వీధికి ఏమీ లేవు. మా ఊళ్లో పెరుగమ్మే సూరమ్మ అచ్చం ఇంతే. పొద్దున్నే నెత్తిన కుండతో కాలవగట్టు వైపు నుంచి వచ్చేది. రావిచెట్టు దగ్గర మూడు దారులు. ఎవరు ముందు కేకేస్తే అటు తిరిగేది. ఎవరూ పిలవకపోతే ఆమె కాళ్లు ఎటు పోతే అటే. ఒక్కోసారి మా వీధికి వచ్చేసరికి కుండ అడుగున నీళ్ల మజ్జిగ మిగిలేది. ఆ పూట మా నాన్న అన్నం కలుపుకుంటూ మాట్లాడేవాడు కాదు.

అందుకని మా అమ్మ నన్ను రావిచెట్టు కింద కాపలా పెట్టింది. సూరమ్మ కరణంగారి వీధికేసి తిరగబోతే నేను చేతులు బార్లా చాపి అడ్డం నిలబడేవాణ్ణి. నవ్వి, “సరే పదవయ్యా” అంటూ మా వైపు తిరిగేది. మీ ఆటలో రోడ్డు మీద పెడతారే అడ్డుగడ్డ, అది నేనే! ఊరికే తిరిగే వాళ్లని అది వెనక్కి పంపుతుంది, ఫలానా చోటికని పనిమీద వెళ్లే వాళ్లని పోనిస్తుంది. నేను కూడా సూరమ్మనే ఆపేవాణ్ణి గానీ మునసబుగారిని ఆపేవాణ్ణి కాదు కదా. ఆపితే వీపు చిట్లేది.

పాత ఆటలో కూలీల కోసం కూడా ఇలాగే నడవాలి. రాళ్ల గని తవ్వించారనుకోండి, అక్కడి నుంచి ఒకడు పనివాళ్లను వెతుక్కుంటూ బయల్దేరతాడు. దారిలో ఇళ్లు కనబడితేనే గనిలో పని మొదలవుతుంది. సూరమ్మ కూడా మజ్జిగ చిలకడానికి మనిషి కావలసి వచ్చి మా వీధంతా అడుగుతూ తిరిగింది ఒకసారి. అందుకే మీ నాన్న ఎక్కడో దూరంగా గని పక్కన రెండు పాకలు వేసి ఉంచుతాడు. ఆ పాకలు ఎన్నేళ్లయినా మేడలు కావు. దుమ్మూ చప్పుడూ మధ్య ఎవరికి కలిసొస్తుంది? నిజం ఊళ్లలోనూ గని పక్క ఇళ్లు ఎలా ఉంటాయో పెద్దయ్యాక చూస్తారు. కొత్త ఆటలో ఈ నడక వద్దనుకుంటే ఆపేసుకునే ఏర్పాటు ఉంది. ఊరంతటి పనివాళ్లూ ఒకే లెక్కలోకి వస్తారు, గనిని ఎక్కడ పెట్టినా పనివాళ్లు పుట్టుకొస్తారు. టెన్షన్ లేదు. ఆ రెండు పాకలతో కూడా పనిలేదు. మీ నాన్నకి లోటుగా అనిపించేది అదే అయ్యుంటుంది, వాడికి చెప్పడం రాక “పాతదే బాగుంది” అని ఊరుకుంటాడు.

ఇక సూరమ్మను ఇక్కడితో వదిలేద్దాం. పెరుగు కుండతో నైలు వరదను చెప్పడం నా వల్ల కాదు.

ఆ వరద రెండు ఆటల్లోనూ ఉంది. పొలాలు నీళ్లలో మునిగిపోతాయి, తీశాక నల్లటి ఒండ్రు మిగులుతుంది, అందులో పంట. మనకు నైరుతి వానలు పడే నెలల్లోనే ఇథియోపియా కొండల మీదా వానలు పడతాయి. ఆ నీళ్లే ఎడారి గుండా ఈజిప్టుకి దిగి వచ్చేవి. నీరు తక్కువొస్తే కరువు, మరీ ఎక్కువొస్తే ఊళ్లు కొట్టుకుపోవడం. అందుకే వాళ్లు నది ఒడ్డున రాతిమెట్లు కట్టి, వాటి మీద గీతలు గీసి నీటి మట్టం కొలిచేవాళ్లు. అస్వాన్ దగ్గర ఎలిఫెంటైన్ ద్వీపంలో ఆ మెట్లు ఇప్పటికీ ఉన్నాయి. వరదే లేదు. 1970లో అస్వాన్ హై డ్యామ్ పూర్తయ్యాక నైలు పొలాల మీదికి రావడం మానేసింది. ఇప్పుడు కైరోలో ఉన్న మీ ఈడు పిల్లలు తమ నది పొంగడం చూడాలన్నా మీలాగే కంప్యూటర్ ముందు కూర్చోవాలి!

పొలాలు మునిగిన రోజుల్లో రైతులు ఖాళీగా ఉండరు, పిరమిడ్డుకి రాళ్లు లాగుతారు. ఆటలో వాళ్లే వెళ్తారు, మీరు చూశారు. కూఫూ రాజు పిరమిడ్డు కట్టినప్పుడు దాని ఎత్తు దాదాపు 146 మీటర్లు. మీ నాన్న కాలేజీలో ఆ ఆట ఆడే రోజులకి ఎవరికీ తెలియని సంగతి ఒకటి చెబుతాను. 2013లో ఎర్రసముద్రం ఒడ్డున వాదీ అల్-జర్ఫ్ అనే చోట తవ్వితే పపైరస్ కాగితాలు బయటపడ్డాయి. రాత ఉన్న పపైరస్‌లలో ఇప్పటిదాకా దొరికినవాటిలో అవే పాతవి. మెరెర్ అనే ఉద్యోగి రాసుకున్న రోజువారీ లెక్కలు కొన్ని వాటిలో ఉన్నాయి. తన మనుషులతో తురా గనుల్లో సున్నపురాయి పడవకెక్కించడం, నది మీద ఆ పిరమిడ్డు ఉన్న గీజాకి చేర్చడం, రాత్రి ఫలానా చోట పడుకోవడం, మళ్లీ తురాకి పోవడం. రాజు గొప్పదనం గురించి ఉపన్యాసం లేదు. నాలుగున్నర వేల ఏళ్ల కిందటి మనిషి ఈ పూట ఎక్కడున్నాం, రేపెక్కడికి అని రాసిపెట్టుకున్నాడు. అది చదివినప్పుడు నాకు ఒళ్లు ఝల్లుమంది. ఎందుకో మీకు వివరించి చెప్పలేను, పిరమిడ్డు బొమ్మ చూసినప్పుడు మాత్రం ఎప్పుడూ అలా అనిపించలేదు.

తీర్పు అడిగారు కనక వినండి. కళ్లకి కొత్తది, నడకకి పాతది. కొత్తదాంట్లో నడక ఆపే మీట మీ చేతిలోనే ఉంది, దాన్ని ముట్టుకోకండి. ఈ ఆదివారం ఒక ఊరు అలా కట్టండి. యుద్ధాలూ పిరమిడ్లూ పక్కన పెట్టి, బజారు నుంచి బయల్దేరిన ఒక్క మనిషి వెంటే చూపు పోనివ్వండి. ఏ మలుపులో ఎటు తిరిగిందో, ఏ ఇంటిని వదిలేసిందో కాగితం మీద గీసి నాకు పంపండి. శ్రావణంలో గోదావరి పొంగితే మీ నాన్నని ధవళేశ్వరం తీసుకెళ్లమనండి. బ్యారేజీ దగ్గర నీటిమట్టం కొలిచే గీతలుంటాయి. 11.75 అడుగులకి వస్తే మొదటి ప్రమాద హెచ్చరిక ఎగరేస్తారు. అక్కడ రెయిలింగు ఎక్కకండి, నానమ్మ మరీ మరీ చెప్పమంది.

మీ
తాతయ్య