ఇంటి కంప్యూటర్‌కి ఏ లినక్స్? పర్లాకిమిడి రిపేరు బల్ల దగ్గర వినే అపోహలు, నేను చూసిన వాస్తవాలు

మొన్నొక సాయంత్రం దుకాణం కట్టేసే వేళకి కాశీనగర్ నుంచి ఒక రిటైర్డ్ మాస్టారు వచ్చారు. గుడ్డసంచిలోంచి లాప్‌టాప్ తీసి బల్ల మీద పెట్టి, "బాబూ, దీని పని అయిపోయిందంటున్నారు. మనవరాలి చిన్నప్పటి ఫొటోలన్నీ ఇందులోనే ఉన్నాయి. ఏదో లినక్స్ అంటారు కదా, అన్నిట్లోకీ మంచిది చూసి వెయ్యి" అన్నారు.

మూడో తరం ఐ3 ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, పాత హార్డ్‌డిస్క్. అందులో ఉన్న విండోస్ 10కి 2025 అక్టోబరు 14తో సపోర్టు ముగిసింది. పేరు నమోదు చేసుకున్నవాళ్ళకి మాత్రం సెక్యూరిటీ అప్‌డేట్లు 2026 అక్టోబరు 13 వరకు ఇస్తామన్నారు. విండోస్ 11 వేద్దామంటే అది సెక్యూరిటీ కోసం పెట్టే టీపీఎం 2.0 చిప్పు అడుగుతుంది, ఇంటెల్ అయితే ఎనిమిదో తరం నుంచి పైనున్న ప్రాసెసర్ అడుగుతుంది. మాస్టారి లాప్‌టాప్‌కి ఆ రెండూ లేవు. కానీ కీబోర్డు బాగుంది, తెర బాగుంది, పారేయాల్సిన వస్తువు కాదది. విండోస్ బదులు కంప్యూటర్‌ని నడిపే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్ దానికి సరిపోతుంది.

"ఏది వేయాలో తరవాత చూద్దాం మాస్టారూ, రోజూ దీంతో ఏం చేస్తుంటారు?" అని అడిగాను. పేపరు చదువుతారు, హరికథలు వింటారు, మనవరాలితో వీడియోలో మాట్లాడతారు, ఒడిశా ప్రభుత్వ సైటు భూలేఖ్‌లో పొలం రికార్డు చూసుకుంటారు, తెలుగులో ఉత్తరాలు రాస్తారు. ఏది వేయాలన్నది నాకు ఆ జవాబులోనే తెలిసిపోయింది. మా దగ్గరికి వచ్చేవాళ్ళలో చాలామంది ఈ ప్రశ్న వేసుకోకుండానే పేర్ల జాబితాతో వస్తారు. వాళ్ళ కోసమే ఇది రాస్తున్నాను.

అపోహ: వందల రకాల లినక్స్‌లున్నాయి, వాటిలో అన్నిటికన్నా మంచిదేదో తేల్చుకున్నాకే వేయాలి

పేర్లు వందలున్న మాట నిజం. కానీ అన్నిటి లోపలా ఉండి యంత్రాన్ని నడిపే గుండెకాయ, అంటే కెర్నల్, ఒక్కటే, 1991లో లినస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టినది. దాని చుట్టూ డెస్క్‌టాప్ (తెర మీద కనిపించే రూపం), సాఫ్ట్‌వేర్లు, అప్‌డేట్ల పద్ధతి అమర్చి ఒక్కొక్కరు ఒక్కో పేరుతో ఇస్తారు. వాటిని డిస్ట్రో అంటారు. వీటిలో పెద్ద కుటుంబాలు కొన్నే. 1993లో మొదలైన డెబియన్ మీద ఉబుంటు నిలబడింది, ఉబుంటు మీద మింట్ నిలబడింది. మన ప్రభుత్వ సంస్థ సీ-డాక్ తయారుచేసిన బాస్ కూడా డెబియన్ కుటుంబంలోదే.

ఇంటికి ఎంచుకునేటప్పుడు నేను చూసేవి మూడే. మొదటిది, ఎన్నాళ్ళు అప్‌డేట్లు వస్తాయి. ఉబుంటులో ఎక్కువ కాలం సపోర్టు ఉండే ఎల్‌టీఎస్ వెర్షన్ రెండేళ్ళకొకటి వస్తుంది, ఒక్కోదానికి ఐదేళ్ళ సపోర్టు. దాని మీద కట్టిన మింట్ 22కి 2029 వరకు ఉంది. ఫెడోరా అనే ఇంకో డిస్ట్రో ఆరు నెలలకొకటి వస్తుంది, ఒక్కో వెర్షన్‌కి దాదాపు 13 నెలలే అప్‌డేట్లు. అది మంచిదే, పెద్దవాళ్ళ ఇంటికి మాత్రం కాదు. రెండోది, తెర వాళ్ళకి అలవాటైనట్టు ఉందా. కింద పట్టీ, ఎడమ మూల మెనూ, కుడి మూల గడియారం ఉంటే విండోస్ నుంచి వచ్చినవాళ్ళకి టెన్షన్ ఉండదు. మింట్‌లో దొరికే సినమన్, ఎక్స్‌ఎఫ్‌సీఈ డెస్క్‌టాప్‌లు రెండూ అలాగే ఉంటాయి. మూడోదాన్ని ఎవరూ పట్టించుకోరు. ఏదైనా చిక్కు వస్తే మీ వీధిలో ఎవరు చూస్తారు? మీ మేనల్లుడికి ఉబుంటు తెలిస్తే మీకు ఉబుంటే మంచిది. నాకు ఆర్చ్ అనే డిస్ట్రో అంటే ఎంతో ఇష్టం, మా ఇంట్లో అదే వాడతాను. కానీ అప్‌డేట్ చేసే ముందు వార్తలు చదువుకోవాల్సిన సిస్టమ్‌ని మాస్టారి చేతిలో పెట్టలేను. ఆయనకి మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈ వేశాను.

అపోహ: పాత సిస్టమ్‌లో లినక్స్ వేస్తే కొత్తదానిలా పరిగెడుతుంది

ఈ మాట మావాళ్ళే, లినక్స్ అభిమానులే, ఎక్కువగా చెబుతారు. అది విని వచ్చినవాళ్ళు పది రోజుల్లో తిట్టుకుంటూ తిరిగొస్తారు. ఆపరేటింగ్ సిస్టమ్ తేలికైనదే కావచ్చు, కానీ ఈ రోజుల్లో ర్యామ్‌ని మింగేది బ్రౌజర్. ఎనిమిది ట్యాబులు తెరిస్తే ఏ లినక్స్‌లో అయినా 4 జీబీ చాలదు. మింట్‌వాళ్ళు కనీసం 2 జీబీ అని రాసి, సాఫీగా నడవాలంటే 4 జీబీ ఉండాలంటారు. నేనైతే 8 ఉండాలంటాను.

ఇంక అన్నిటికన్నా వెనక్కి లాగేది తిరిగే హార్డ్‌డిస్క్. మాస్టారి లాప్‌టాప్‌లో డిస్క్ తీసి, తిరిగే భాగాలు లేని చిన్న ఎస్‌ఎస్‌డీ పెట్టాను. తేడా తెచ్చింది సగానికి పైగా అదే. డబ్బు కొంచెమే ఉంటే ముందు ఎస్‌ఎస్‌డీకి పెట్టండి, తరవాత ర్యామ్‌కి.

మరీ పాత 32 బిట్ యంత్రాలు ఇప్పటికీ వస్తుంటాయి. ఉబుంటు, ఫెడోరా వాటిని ఎప్పుడో వదిలేశాయి. డెబియన్ కూడా 2025 ఆగస్టులో వచ్చిన 13వ వెర్షన్‌తో 32 బిట్ ఇన్‌స్టాలర్ ఆపేసింది. అలాంటి దాని మీద డబ్బు పెట్టొద్దని మొహం మీదే చెప్పేస్తున్నాను.

అపోహ: లినక్స్‌లో తెలుగు సరిగ్గా రాదు, ఒడియా అసలే రాదు

గిడుగు రామమూర్తి గారు పంతులుగా పనిచేసిన ఊళ్ళో ఈ మాట వింటే నాకు బాధగా ఉంటుంది. వత్తులనీ గుణింతాలనీ సరిగ్గా కూర్చే హార్ఫ్‌బజ్ అనే ఇంజిన్ ఓపెన్ సోర్సే. ఫైర్‌ఫాక్స్, క్రోమ్, లిబ్రెఆఫీస్, మీ ఆండ్రాయిడ్ ఫోను, అన్నీ దాన్నే వాడతాయి. ఫోన్లో తెలుగు ఎంత చక్కగా కనిపిస్తుందో ఇక్కడా అంతే. ఫాంట్లకి కొదవ లేదు: పోతన, వేమన, లోహిత్, నోటో ఉన్నాయి. సిలికానాంధ్రవాళ్ళ ఫాంట్లలో ఒకదాని పేరు అచ్చంగా గిడుగు.

టైపు చేసే విషయం ఇంకా బాగుంటుంది. మా సరిహద్దు ఊళ్ళలో ఇంట్లో తెలుగు, పిల్లల బడిలో ఒడియా, ఆఫీసు కాగితాల్లో ఇంగ్లీషు. మూడూ కావాలి. కీబోర్డు సెట్టింగుల్లో తెలుగునీ ఒడియానీ ఇన్‌స్క్రిప్ట్ పద్ధతిలో చేర్చుకోండి. ఆ పద్ధతిలో తెలుగు, ఒడియా లాంటి భారతీయ లిపులకి ఒక్కో ధ్వనికి ఒకటే స్థానం. జె, ఇ, సి కీలు వరసగా నొక్కితే తెలుగులో 'రామ' పడుతుంది. ఒడియాకి మార్చి అవే మూడు కీలు నొక్కితే అదే మాట ఒడియా లిపిలో పడుతుంది. మా పాప నాలుగో తరగతిలో ఉంది. తెలుగు టైపింగ్ నేర్పిన వారం తరవాత తనంతట తనే ఒడియా పాఠం టైపు చేసి చూపించింది. ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టే అలవాటున్నవాళ్ళకి ఐబస్ అనే టైపింగ్ సాఫ్ట్‌వేర్లో ఆర్‌టీఎస్, ఐట్రాన్స్ పద్ధతులున్నాయి.

గజపతి, రాయగడ జిల్లాల్లోని సవర పిల్లల కోసం ఇంకో మాట. వాళ్ళ భాషకి 1936లో మంగెయి గొమాంగో రూపొందించిన సొర సొంపెంగ్ లిపి 2012లో యూనికోడ్‌లో, అంటే అన్ని లిపుల అక్షరాలకీ కంప్యూటర్లు వాడే ఉమ్మడి పట్టికలో, చేరింది. నోటో ఫాంట్లలో అది కూడా ఉంది, ప్యాకేజీ వేసుకుంటే అక్షరాలు కనిపిస్తాయి.

అపోహ: ఊరికే ఇచ్చేది నాసిరకం

ప్రపంచంలోని మొదటి 500 సూపర్ కంప్యూటర్లూ 2017 నవంబరు నుంచి లినక్స్ మీదే నడుస్తున్నాయి. ఆండ్రాయిడ్ లోపలున్నది లినక్స్ కెర్నలే. కేరళ ప్రభుత్వ బడుల్లో పిల్లలు ఏళ్ళుగా దీని మీదే చదువుకుంటున్నారు. ఇంగ్లీషులో రెంటికీ 'ఫ్రీ' అనే ఒకే మాట ఉండడంతో తికమక వచ్చింది గానీ, తెలుగులో ఉచితం వేరు, స్వేచ్ఛ వేరు. ఇక్కడ ముఖ్యమైనది స్వేచ్ఛ. కోడ్ చూడొచ్చు, మార్చుకోవచ్చు, కాపీ తీసి ఇంకొకరికి ఇవ్వొచ్చు. మింట్ ఫైలు దాదాపు 3 జీబీ ఉంటుంది. కొండ మీది ఊళ్ళలో సిగ్నల్ అంతంతమాత్రం కాబట్టి అడిగినవాళ్ళకి పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి ఇస్తుంటాను. ఇది దొంగతనం కాదు, లైసెన్సే ఒప్పుకుంటుంది.

అదే డూప్లికేట్ విండోస్ సంగతి వేరు. దాన్ని యాక్టివేట్ చేసే టూలు ముందు యాంటీవైరస్ ఆపమంటుంది. ఇంటి తలుపు తీసి పెట్టమని దొంగ అడిగితే తీస్తామా? ఆ కంప్యూటర్లోనే మనం బ్యాంకు పాస్‌వర్డ్ కొడుతున్నాం.

అపోహ: లినక్స్‌కి వైరస్‌లు రావు

తక్కువ వస్తాయి. రావనుకోవడం ప్రమాదం. 2016 ఫిబ్రవరిలో మింట్ వెబ్‌సైట్‌లోకే హ్యాకర్లు దూరి, డౌన్‌లోడ్ లింకుని తాము మార్చిన ఫైలు వైపు తిప్పారు. మింట్‌వాళ్ళే ఆ సంగతి బయటపెట్టారు. అందుకే డౌన్‌లోడ్ అయ్యాక చెక్‌సమ్ (ఫైలు మారలేదని తేల్చే అంకెల గుర్తు) సరిచూసుకోమని పదే పదే చెబుతాను. మా దుకాణంలో దాన్ని చూడకుండా ఏ పెన్‌డ్రైవూ తయారుచేయం.

2024 మార్చిలో ఫైళ్ళని కుదించే ఎక్స్‌జెడ్ అనే చిన్న సాఫ్ట్‌వేర్లో ఎవరో దొంగదారి పెట్టిన సంగతి బయటపడింది. లాగిన్‌కి అర సెకను ఎక్కువ పడుతోందేమిటా అని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు తవ్వితే దొరికింది. కోడ్ అందరికీ కనిపించేది కాబట్టే ఆయన తవ్వగలిగారు. అది బాగా పరీక్షించాక ఇచ్చే డెబియన్ స్టేబుల్ దాకా, ఉబుంటు ఎల్‌టీఎస్ దాకా రాలేదు. కొత్తవన్నీ ముందే వచ్చిపడే పరీక్షా వెర్షన్ల దాకానే వచ్చింది. ఇంటికి స్టేబుల్ వేసుకోమనేది అందుకే.

అపోహ: వైఫై రాదు, ప్రింటర్ పనిచేయదు

కొన్నిసార్లు నిజమే. అయితే అది తెలుసుకోవడానికి ఏదీ చెరపనక్కర్లేదు. పెన్‌డ్రైవ్ నుంచే సిస్టమ్ లేపి, ఇన్‌స్టాల్ చేయకుండా అరగంట వాడి చూడండి. వైఫై, శబ్దం, కెమెరా, తెర వెలుతురు తగ్గించే కీలు, మూత వేసి తీస్తే లేస్తుందా, అన్నీ చూడండి. వైఫై రాకపోతే ఆండ్రాయిడ్ ఫోన్‌ని కేబులుతో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయండి. మాస్టారి లాప్‌టాప్‌కీ అదే చేశాను. నెట్ వచ్చింది, డ్రైవర్ మేనేజర్ తెరిచి వైఫై డ్రైవర్ దింపాను, పది నిమిషాల పని.

ఈమధ్య వచ్చిన నెట్‌వర్క్ ప్రింటర్లు చాలావరకు డ్రైవర్ లేకుండానే పనిచేస్తాయి. మన జెరాక్స్ షాపుల్లో ఇంకా తిరుగుతున్న పాత చిన్న లేజర్లలో మాత్రం కొన్ని ఎంత కుస్తీ పట్టినా లొంగవు. మీ ప్రింటర్‌ని దుకాణానికి తెండి, కళ్ళముందే కాగితం వచ్చాక నిర్ణయించుకోండి.

అపోహ: అందరూ మారిపోవచ్చు

లేదు. అను ఫాంట్లతో పేజ్‌మేకర్లో పెళ్ళి కార్డులు వేసే డీటీపీ వాళ్ళు మారొద్దు. ఆ ఫైళ్ళు యూనికోడ్ కావు, ఇటు తెస్తే గజిబిజి అక్షరాలు వస్తాయి. ట్యాలీ మీద బతికే లెక్కల గుమాస్తాలు మారొద్దు. పిల్లల ఆన్‌లైన్ పరీక్షకి ప్రత్యేక బ్రౌజర్ అడుగుతారేమో ముందే కనుక్కోండి. సేఫ్ ఎగ్జామ్ బ్రౌజర్ లాంటిది లినక్స్‌లో రాదు. వేలిముద్ర పరికరంతో పనిచేసేవాళ్ళు ఆ కంపెనీ లినక్స్‌కి సపోర్టు ఇస్తుందో లేదో తెలుసుకున్నాకే ఆలోచించండి. వర్డ్ ఫైళ్ళు మాత్రం భయపడినంత చెదరవు. చెదిరేది ఎక్కువగా ఫాంట్ లేకపోవడం వల్లే. కాలిబ్రీ బదులు అదే వెడల్పున్న కార్లిటో వేస్తే చాలా పేజీలు సర్దుకుంటాయి.

అపోహ: విండోస్, లినక్స్ రెండూ పక్కపక్కన వేసుకుంటే ఏ గొడవా ఉండదు

ఒకటి నా చేతిలోనే జరిగింది. గుణుపూర్ నుంచి వచ్చిన ఇంజినీరింగ్ అబ్బాయి కొత్త లాప్‌టాప్‌లో విండోస్ పక్కన ఉబుంటు వేశాను. ఉబుంటు చక్కగా వచ్చింది. విండోస్‌లోకి వెళ్దామంటే నీలం తెర మీద 48 అంకెల రికవరీ కీ అడిగింది. డిస్క్‌కి తాళం వేసే బిట్‌లాకర్ ముందే ఆన్ అయి ఉంది. నేను చూడలేదు. మర్నాడే అతని ప్రాజెక్టు సబ్మిషన్. "అన్నా, నా ప్రాజెక్టు?" అంటుంటే నాకు చేతులు ఆడలేదు. చివరికి తన మైక్రోసాఫ్ట్ ఖాతాలోకి లాగిన్ అయి చూస్తే కీ అక్కడ దొరికింది. ఆ రోజు నుంచి కీ కాగితం మీద రాయించుకుని, విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆపితే తప్ప డిస్క్ భాగాలని (పార్టిషన్లని) ముట్టుకోవడం లేదు. ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే విండోస్ పూర్తిగా ఆగదు, దాని డ్రైవ్‌లో లినక్స్‌కి ఏమీ రాయడం కుదరదు.

అపోహ: లినక్స్ వేస్తే పాత ఫైళ్ళు పోతాయి

డిస్క్ మొత్తం చెరిపే ఆప్షన్ నొక్కితే పోతాయి. నొక్కకముందు కాపీ తీసుకుంటే పోవు. విండోస్ డ్రైవ్‌ని లినక్స్ చక్కగా చదువుతుంది. మాస్టారి ఫొటోలు, ఉత్తరాలు అన్నీ కొత్త ఎస్‌ఎస్‌డీలోకి ఎక్కించాను. సిస్టమ్ పాడైతే వెనక్కి తేవడానికి టైమ్‌షిఫ్ట్ అనే టూలు పెట్టాను. అది సిస్టమ్ ఫైళ్ళకే గానీ ఫొటోలకి కాదని ఆయనకి విడిగా చెప్పాను. బయటికి తీసిన పాత హార్డ్‌డిస్క్‌ని చెరపలేదు. ఒక యూఎస్‌బీ కేసులో బిగించి, పైన 'ఫొటోలు' అని తెలుగులో రాసిన చీటీ అంటించి ఆయన చేతికిచ్చాను. లాప్‌టాప్‌ని సంచిలో పెట్టుకున్నారు, డిస్క్‌ని మాత్రం చొక్కా జేబులో పెట్టుకుని బస్సుకి బయల్దేరారు.