ఇస్రో రాకెట్ పరిశ్రమ చేతికి ఎలా వెళ్తుంది

2025 సెప్టెంబరు 10న ఇస్రో, ఇస్రో వాణిజ్య సంస్థ న్యూస్పేస్ ఇండియా లిమిటెడ్, ప్రైవేటు అంతరిక్ష సంస్థలకు అనుమతులిచ్చే ఇన్-స్పేస్, విమానాలు తయారుచేసే హిందుస్థాన్ ఏరోనాటిక్స్ (హెచ్ఏఎల్) కలిసి ఒక ఒప్పందం మీద సంతకాలు చేశాయి. ఎస్ఎస్ఎల్‌వీ అనే చిన్న ఉపగ్రహాల వాహకనౌకను తయారుచేసే పరిజ్ఞానాన్ని మొత్తంగా హెచ్ఏఎల్‌కు అప్పగించడం దాని సారాంశం. ఇందుకు హెచ్ఏఎల్ వేసిన బిడ్ 511 కోట్ల రూపాయలు. హైదరాబాద్‌లోని భారత్ డైనమిక్స్ నాయకత్వంలో ఒక కూటమి, బెంగళూరు ఆల్ఫా డిజైన్ నాయకత్వంలో మరొకటి చివరిదాకా పోటీలో నిలిచాయి. అప్పగింతకు గడువు 24 నెలలు. ఆలోపు హెచ్ఏఎల్ సిబ్బంది ఇస్రో శాస్త్రవేత్తల పర్యవేక్షణలో రెండు ప్రయోగాలు చేయాలి. ఆ తర్వాత రాకెట్ వాళ్లది; తయారుచేసుకోవచ్చు, అమ్ముకోవచ్చు, ఎగరేసుకోవచ్చు.

డ్రాయింగులన్నీ సిద్ధంగా ఉన్నాయి, రాకెట్ అప్పటికే ఉపగ్రహాలను కక్ష్యకు చేర్చింది. మరి 24 నెలలు ఎందుకు? డ్రాయింగులో ఉండేది కొలతలు, లోహం పేరు, అనుమతించే తేడాలు. తయారీలో ఏదో ఒకటి ఆ గీత దాటుతుంది. వెల్డింగు ఒకచోట రెండోసారి చేయాల్సి వస్తుంది, ఓవెన్ ఉష్ణోగ్రత ఒక రాత్రి రెండు డిగ్రీలు పడిపోతుంది, ఇంధనం ఉండే గొట్టంలాంటి కేసింగ్ మీద సన్నటి గీత కనబడుతుంది. ఆ భాగాన్ని వాడాలా, పక్కన పడేయాలా? ఈ తీర్పు చెప్పాలంటే ఆ అంకె వెనక డిజైనర్ ఎంత మార్జిన్ ఉంచాడో తెలియాలి. ఇస్రో నుంచి పరిశ్రమకు చేరాల్సిన అసలు సంపద అదే. అది కాగితాల కట్టతో చేరదు, పక్కన నిలబడి పనిచేస్తేనే చేరుతుంది.

రాకెట్ పనికి పరిశ్రమ కొత్తదేమీ కాదు. 1974లో ఫ్రాన్స్‌తో కుదిరిన ఒప్పందం ద్వారా వైకింగ్ ఇంజిన్ పరిజ్ఞానం మనకు వచ్చింది. దాని నుంచి రూపొందిన వికాస్ ఇంజిన్లను దశాబ్దాలుగా హైదరాబాద్ బాలానగర్‌లోని ఎంటార్, ముంబైలోని గోద్రెజ్ తయారుచేస్తున్నాయి. పీఎస్ఎల్‌వీ మొదటి దశ కేసింగ్‌కు వాడే మారేజింగ్ స్టీల్‌ను హైదరాబాద్ కంచన్‌బాగ్‌లోని ప్రత్యేక లోహాల సంస్థ మిధాని పోతపోస్తుంది. ఇందులో సుమారు 18 శాతం నికెల్ ఉంటుంది. 480 డిగ్రీల దగ్గర కొన్ని గంటలు ఉంచాకే దానికి పూర్తి బలం వస్తుంది. ఆ ఉక్కుతో మోటారు కేసింగులు చేసేది ఎల్ అండ్ టీ, వాల్‌చంద్‌నగర్ ఇండస్ట్రీస్. అయితే ఇంతకాలం పరిశ్రమ చేసింది భాగాల తయారీ. వాటిని పరీక్షించి, ఒకదానిమీద ఒకటి నిలబెట్టి, ఎగరడానికి ఇది తగినదే అని సంతకం పెట్టింది ఇస్రో. ఇప్పుడు చేతులు మారుతున్నది ఆ సంతకమే.

ఆ సంతకం ఎంత బరువైనదో ఘన ఇంధన మోటారు దగ్గర తెలుస్తుంది. ఎస్ఎస్ఎల్‌వీ ఎత్తు 34 మీటర్లు, బరువు 120 టన్నులు, కిందనుంచి మూడు దశలూ ఘన ఇంధనంతోనే పనిచేస్తాయి. ద్రవ ఇంధన ఇంజిన్‌ను పరీక్షాబల్లమీద మండించి, ఆపి, విప్పి, చూసి మళ్లీ వాడవచ్చు. ఘన మోటారుకు ఆ వీలు లేదు. ఒకసారి అంటుకుంటే ఇంధనం అయిపోయేదాకా ఆగదు. మండించి పరీక్షిస్తే ఆ మోటారు ఇక లేనట్టే. అంటే ఎగిరే మోటారును ఎవరూ ముందుగా మండించి చూడలేరు. అది మంచిదేనని చెప్పడానికి ఉన్న ఆధారాలు తయారీ రికార్డులు, ఎక్స్‌రేలు, అదే మిశ్రమం నుంచి పక్కకు తీసి పోసిన నమూనా దిమ్మెలు మాత్రమే.

తయారీ ఇలా సాగుతుంది. ఇంధనం బరువులో మూడింట రెండు వంతులు అమ్మోనియం పెర్‌క్లోరేట్, అది ఆక్సిజన్ ఇచ్చే ఉప్పు. ఆరోవంతుకు కాస్త అటూఇటుగా అల్యూమినియం పొడి. మిగతాది హెచ్‌టీపీబీ అనే జిగురులాంటి రబ్బరు, దానికి తోడు కొన్ని రసాయనాలు. పెర్‌క్లోరేట్‌ను గరుకుగా కొంత, మెత్తగా కొంత రుబ్బి నిర్ణీత పాళ్లలో కలుపుతారు. మెత్తటిది పెరిగితే ఇంధనం వేగంగా మండుతుంది, పైగా మిశ్రమం చిక్కబడి అచ్చులోకి సరిగా జారదు. మొదట రబ్బరు, అల్యూమినియం, పెర్‌క్లోరేట్ కలిపి, గట్టిపరిచే ఐసోసైనేట్‌ను చిట్టచివర వేస్తారు. అది పడిన క్షణం నుంచి గడియారం మొదలైనట్టే, గంటలు గడిచేకొద్దీ మిశ్రమం బిగుస్తుంది. ఆలోపు గాలి తీసేసిన స్థితిలో కేసింగ్‌లో పోయాలి. కేసింగ్ లోపలి గోడకు అప్పటికే రబ్బరు ఇన్సులేషన్, దాని మీద అతుక్కునే లైనర్ పూత ఉంటాయి. మధ్యలో నిలిపిన అచ్చుకడ్డీ, ఇంధనం గట్టిపడ్డాక బయటికి వచ్చి, మంట మొదలయ్యే ఖాళీని వదులుతుంది. 60 డిగ్రీల చుట్టుపక్కల వేడిలో కొన్ని రోజులు ఉంచితే ఇంధనం రబ్బరులా గట్టిపడుతుంది.

ఇందులో తేమ పెద్ద శత్రువు. ఐసోసైనేట్ రబ్బరుతో కలవాల్సింది పోయి నీటితో కలిస్తే కార్బన్ డయాక్సైడ్ పుడుతుంది. ఆ వాయువు ఇంధనంలో బుడగలుగా చిక్కుకుంటుంది. ఒకవైపు బంగాళాఖాతం, మరోవైపు పులికాట్ సరస్సు ఉన్న శ్రీహరికోటలో గాలి ఎప్పుడూ తడిగానే ఉంటుంది. అందుకే అక్కడి ఘన ఇంధన కర్మాగారంలో గదుల తేమను కట్టడి చేయడం, పెర్‌క్లోరేట్‌ను ఆరబెట్టడం యంత్రాల పనితో సమానమైన పని. బుడగ ఉంటే ఏమవుతుంది? మంట ఆ ఖాళీకి చేరగానే మండే ఉపరితలం ఒక్కసారిగా పెరుగుతుంది, వాయువు ఎక్కువగా పుడుతుంది, పీడనం ఎగబాకుతుంది. హద్దు మీరితే కేసింగ్ పగులుతుంది. ఇంధనం లైనర్ నుంచి ఊడినా ప్రమాదమే. ఆ సందులోంచి మంట నేరుగా గోడను చేరుతుంది. పగుళ్లు, బుడగలు, ఊడిన చోట్లు వెతకడానికే ఎక్స్‌రే, అల్ట్రాసౌండ్ పరీక్షలు. ఆ ఫిల్ములో కనబడే మచ్చ ప్రమాదకరమైనదా, కాదా అని చెప్పగలవాళ్లు వందల ఫిల్ములు చూసి తయారైనవాళ్లు.

ఈ పని ప్రాణాలతో ముడిపడినది కూడా. 2004 ఫిబ్రవరిలో శ్రీహరికోట ఘన ఇంధన విభాగంలో జరిగిన అగ్నిప్రమాదంలో ఆరుగురు చనిపోయారు. ప్రైవేటు కంపెనీ సొంతంగా ఇలాంటి కర్మాగారం పెట్టుకోవాలంటే డబ్బుకన్నా ముందు స్థలం, భద్రతా దూరాలు, అనుభవం ఉన్న మనుషులు కావాలి. ఉన్న సదుపాయాన్ని పంచుకోవడమే తెలివైన దారి, ఇప్పుడు జరుగుతున్నదీ అదే. 2025 ఆగస్టు 8న హైదరాబాద్ కంపెనీ స్కైరూట్ తన విక్రమ్-1 రాకెట్ మొదటి దశ కలాం-1200ను శ్రీహరికోటలోనే పరీక్షించింది. 11 మీటర్ల పొడవు, 1.7 మీటర్ల వ్యాసం, 30 టన్నుల ఇంధనం ఉన్న ఆ మోటారు కేసింగ్ కార్బన్ కాంపోజిట్‌తో ముక్కలు లేకుండా ఒకటిగా చేసినది. డిజైన్ కంపెనీది. ఇంధనం పోసింది మాత్రం షార్ (శ్రీహరికోటలోని ఇస్రో ప్రయోగ కేంద్రం) కర్మాగారంలో, మండించింది షార్ పరీక్షా కేంద్రంలో.

రాకెట్ చెడిపోయినప్పుడు కారణం వెతికే పద్ధతి కూడా అప్పగింతలో భాగం. 2022 ఆగస్టు 7న ఎస్ఎస్ఎల్‌వీ తొలి ప్రయోగం చూడండి. మూడు ఘన దశలూ సరిగ్గా పనిచేశాయి. రెండో దశ విడిపోయే క్షణంలో పరికరాల అర మీద అనుకున్నదానికన్నా బలమైన కంపనం వచ్చింది. వేగంలో మార్పును కొలిచే యాక్సెలరోమీటర్లు ఆ అదురుకు తమ గరిష్ఠ హద్దును తాకాయి. సెన్సర్లు చెడిపోయాయని కంప్యూటర్ తీర్మానించి, వాటిని వదిలేసి, ముందుగా రాసిపెట్టిన అత్యవసర దారిలోకి మారింది. నిజానికి సెన్సర్లు బాగానే ఉన్నాయి, అదురు తగ్గగానే కోలుకున్నాయి. కంప్యూటర్ వేచిచూసిన సమయం చాలలేదు. 356 కిలోమీటర్ల వృత్తాకార కక్ష్యకు బదులు ఉపగ్రహాలు 356×76 కిలోమీటర్ల దీర్ఘవృత్తంలో పడ్డాయి. 76 కిలోమీటర్ల దగ్గర గాలి ఇంకా ఉంటుంది కాబట్టి అవి నిలవలేదు. లెక్కవేస్తే 356 కిలోమీటర్ల ఎత్తులో వేగపు లోటు సుమారు ఒక శాతమే.

2023 ఫిబ్రవరి 10న జరిగిన రెండో ప్రయోగానికల్లా రెండో దశను విడదీసే యంత్రాంగాన్ని తక్కువ అదురు ఇచ్చే రకానికి మార్చారు, సెన్సర్లను పరిశీలించే తర్కాన్ని దిద్దారు. ప్రయోగం విజయవంతమైంది. 2024 ఆగస్టు 16న మూడోదీ గెలిచింది. ఇప్పుడు హెచ్ఏఎల్ చేతికి వెళ్తున్న కాగితాల్లో ఆ మార్పు ఒక వాక్యంగా ఉండవచ్చు. ఆ వాక్యం ఎందుకు పుట్టిందో తెలియని ఇంజినీరు, ఖర్చు తగ్గించడానికి రేపు దాన్నే మార్చే అవకాశం ఉంది. అందుకే వైఫల్య నివేదికలు డ్రాయింగులకన్నా ముందు చదివించాల్సినవి అని నా గట్టి అభిప్రాయం.

పీఎస్ఎల్‌వీది కొంచెం వేరే పద్ధతి. 2022లో న్యూస్పేస్ ఇండియా సుమారు 860 కోట్లకు ఐదు పీఎస్ఎల్‌వీల తయారీని హెచ్ఏఎల్, ఎల్ అండ్ టీ కూటమికి ఇచ్చింది. ఇక్కడ రాకెట్ యాజమాన్యం మారదు. మొత్తం రాకెట్‌ను కట్టి అందించే బాధ్యత మాత్రం కూటమిది. ఇలాంటి చోట వైఫల్యం వస్తే ఎవరిది అన్న ప్రశ్న తేలిక కాదు. 2017 ఆగస్టు 31న పీఎస్ఎల్‌వీ-సీ39 ఉష్ణకవచం విడిపోలేదు. వదిలేయాల్సిన కవచం బరువు టన్నుకు పైగా రాకెట్ మీదే మిగిలిపోయి, ఉపగ్రహం కవచం లోపలే చిక్కుకుంది. ఆ ఐఆర్ఎన్ఎస్ఎస్-1హెచ్, ఆల్ఫా డిజైన్ నాయకత్వంలోని ప్రైవేటు కూటమి కూర్పు, పరీక్షల్లో పాలుపంచుకున్న మొదటి ఇస్రో ఉపగ్రహం. ఉపగ్రహంలో లోపం లేదు, అయినా అది దక్కలేదు. 2025 మే 18న పీఎస్ఎల్‌వీ-సీ61లో మూడో దశ ఘన మోటారు గదిలో పీడనం పడిపోయింది, ఈఓఎస్-09 ఉపగ్రహం కక్ష్యకు చేరలేదు. మూడు దశాబ్దాలుగా ఎగురుతున్న రాకెట్‌లోనూ ఘన మోటారు ఇలా దెబ్బతీయగలదు. ఒక్కో భాగం ఏ కొలిమి నుంచి, ఏ లాట్ నుంచి, ఎవరి చేతిమీదుగా వచ్చిందో వెనక్కి వెళ్లి చూడగలిగే రికార్డు కూటమి దగ్గర పక్కాగా ఉండితీరాలి.

సొంత రాకెట్ కట్టే స్టార్టప్‌లకు దారి ఇన్-స్పేస్ గుండా వెళ్తుంది. అనుమతి ఇచ్చేది, ఇస్రో సదుపాయాలు వాడుకోనిచ్చేది ఆ సంస్థే. స్కైరూట్ 2022 నవంబరు 18న ప్రయోగించిన విక్రమ్-ఎస్ 545 కిలోల చిన్న రాకెట్, 89.5 కిలోమీటర్ల ఎత్తుకు వెళ్లి సముద్రంలో పడింది. చెన్నై కంపెనీ అగ్నికుల్ శ్రీహరికోటలోనే సొంత ప్రయోగ వేదిక కట్టుకుని, పలుమార్లు వాయిదాల తర్వాత 2024 మే 30న అగ్నిబాణ్ సార్టెడ్ అనే ప్రయోగాత్మక రాకెట్‌ను ఎగరేసింది. దాని ఇంజిన్ ఒకే ముక్కగా త్రీడీ ప్రింటింగ్‌లో చేసినది, ద్రవ ఆక్సిజన్, విమాన కిరోసిన్‌తో నడుస్తుంది. వీళ్లకు ఎంత స్వేచ్ఛ ఉన్నా ఒక విషయంలో రాజీ లేదు. రాకెట్ దారి తప్పితే గాల్లోనే ఆపేసే వ్యవస్థ, దాన్ని నడిపే అధికారం షార్ రేంజ్ భద్రతా అధికారుల చేతిలో ఉంటాయి. సూళ్లూరుపేట నుంచి తీరంలోని పల్లెల దాకా జనం ఉన్న చోట అది అలాగే ఉండాలి.

చిన్న రాకెట్లకు శ్రీహరికోటతో ఒక ఇబ్బంది ఉంది. ధ్రువ కక్ష్యకు దక్షిణంగా వెళ్లే రాకెట్ శ్రీలంక మీదుగా పోకూడదు కాబట్టి, మధ్యలో దారి వంచుకోవాలి. ఆ మలుపుకు ఖర్చయ్యే శక్తి పెద్ద రాకెట్‌కు భరించదగినదే. 500 కిలోమీటర్ల కక్ష్యకు 500 కిలోలు మోసే ఎస్ఎస్ఎల్‌వీకి మాత్రం పేలోడ్‌లో, అంటే మోసుకెళ్లగల బరువులో, పెద్ద కోత. తమిళనాడు కులశేఖరపట్టణంలో 2024 ఫిబ్రవరి 28న కొత్త ప్రయోగ కేంద్రానికి శంకుస్థాపన చేసింది ఇందుకే. అక్కడినుంచి దక్షిణంగా నేరుగా సముద్రమే. హెచ్ఏఎల్ వ్యాపార లెక్క ఈ కేంద్రం మీద చాలావరకు ఆధారపడి ఉంటుంది. కర్మాగారం, పరీక్షాబల్లలు, మనుషుల జీతాలు ఏడాదికి రెండు ప్రయోగాలకైనా, పదికైనా దాదాపు అంతే. ప్రయోగాల సంఖ్య పెరిగితేనే ఒక్కో రాకెట్ ధర దిగుతుంది.

తేలాల్సిన పెద్ద విషయం చట్టం. 1972 నాటి అంతర్జాతీయ బాధ్యతా ఒప్పందం ప్రకారం, మన నేలనుంచి ఎగిరిన రాకెట్ పరాయి దేశపు నేల మీద నష్టం చేస్తే పరిహారం ఇవ్వాల్సింది భారత ప్రభుత్వమే, రాకెట్ ఎవరిదైనా సరే. ఆ డబ్బులో కంపెనీ వాటా ఎంత, బీమా ఎంతకు తీసుకోవాలి అన్నది దేశీయ చట్టం చెప్పాలి. 2023 భారత అంతరిక్ష విధానం విధానమే గానీ చట్టం కాదు. అమెరికాలో 1988 సవరణ నుంచి ఒక పద్ధతి ఉంది. ప్రయోగించే కంపెనీ లెక్కకట్టిన గరిష్ఠ నష్టానికి, ఎక్కువలో ఎక్కువ 50 కోట్ల డాలర్లకు బీమా తీసుకుంటుంది. ఆ పైన ఒక హద్దు వరకు ప్రభుత్వం చూసుకుంటుంది. మన దగ్గర కూడా అలాంటి హద్దును అంకెలతో చట్టంలో రాస్తే, బీమా కంపెనీ ప్రీమియం లెక్కకట్టగలుగుతుంది, బ్యాంకు అప్పు ఇవ్వగలుగుతుంది, హెచ్ఏఎల్ అయినా స్కైరూట్ అయినా కొనుగోలుదారుకు ఒక ధర చెప్పగలుగుతుంది.