ఇస్త్రీ పెట్టెలో గూడూరు

పాత ఇస్త్రీ పెట్టె వేడెక్కడం మానేస్తే బాగుచేసే కొట్టుకి తీసుకెళ్ళాను. అడుగు విప్పగానే తీగ చుట్టిన పలచటి రేకొకటి జారిపడింది. చూడ్డానికి గాజులా ఉంది గానీ వంగుతోంది, గోటితో గీరితే పొరలు లేస్తున్నాయి. "మైకా సామీ, మన గూడూరుదే అయ్యుంటుంది" అన్నాడు కొట్టాయన. వేడికి చెక్కుచెదరదు, కరెంటును దాటనివ్వదు. అది లేకపోతే చొక్కా మడత కంటే ముందు మనకే షాకు.

అభ్రకం, మైకా, చిన్నప్పుడు మేం జేబుల్లో నింపుకున్న కాకిబంగారం, అన్నీ ఒకటే. ఉమ్మడి నెల్లూరు జిల్లాలో గూడూరు, సైదాపురం, రాపూరు, పొదలకూరు చుట్టూ 19వ శతాబ్దం చివర్లోనే తవ్వకాలు మొదలయ్యాయి. ఇనికుర్తి గనిలో 10 అడుగుల వెడల్పున్న స్ఫటికాలు దొరికినట్టు బ్రిటిషు కాలపు రాతల్లో ఉంది. మనది ఆకుపచ్చ రకం. బీహారు వైపుది ఎర్రది, రూబీ మైకా. పేరు దానికే ఎక్కువ.

దొరల ఇళ్ళలో పొయ్యి కిటికీలకు, గ్రామఫోను సౌండుబాక్సుకు ఈ రేకే. తర్వాత వాల్వు రేడియోలొచ్చాయి. వాల్వంటే రేడియో లోపల ఉండే, చిన్న బల్బులాంటి గాజు గొట్టం. ఒక్కో దాంట్లో లోపలి ముక్కలు కదలకుండా పట్టి ఉంచే బిళ్ళలు మైకావే. రెండో ప్రపంచ యుద్ధంలో విమానాలకూ వైర్‌లెస్ సెట్లకూ ఇది ఎంత అవసరమైందంటే, ఇండియా మైకా కొనడానికే బ్రిటన్, అమెరికా కలిసి ఉమ్మడి కొనుగోలు బృందాన్ని పెట్టుకున్నాయి. తవ్విన ఊళ్ళలో చాలావాటికి అప్పటికింకా కరెంటే లేదు.

గనిలో దిగేది మగవాళ్ళు. షెడ్లలో కూర్చుని కాగితం కంటే పలచగా పొరలు విడదీసేది ఎక్కువగా ఆడవాళ్ళు. ఆ చేతి నైపుణ్యం మీదే ఎగుమతి నడిచింది. 1946లో మైకా కార్మికుల సంక్షేమ నిధి చట్టం వచ్చింది. ఎగుమతయ్యే మైకా మీద సుంకం వేసి, ఆ డబ్బుతో కూలీలకు వైద్యం, చదువు అన్నారు. రాతిదుమ్ము పీల్చి పాడైన ఊపిరితిత్తులకు ఆ వైద్యం ఎంతవరకు అక్కరకొస్తుంది!

గిరాకీ పడిపోవడానికి కారణాలు ఇక్కడివి కావు. 1947లో అమెరికాలో వాల్వు పనే చేసే బుల్లి ట్రాన్సిస్టరు పుట్టింది, మెల్లగా వాల్వుల రోజులు చెల్లాయి. తుక్కు మైకాని నూరి కాగితంలా చేసే పద్ధతి రావడంతో పెద్ద రేకులకు విలువ తగ్గింది. మిగిలిన పెద్ద బేరం సోవియట్ యూనియన్. 1991లో ఆ దేశమే లేకుండా పోయింది. గూడూరులో షెడ్లు మూతపడ్డాయి.

మైకా మాత్రం ఇళ్ళలోంచి పోలేదు. మైక్రోవేవ్ ఓవెన్ లోపలి గోడకున్న గోధుమరంగు అట్ట అదే, లిప్‌స్టిక్ తళుకూ చాలాసార్లు దాని పొడే. గనుల దగ్గర ఒకప్పుడు పనికిరాదని పారబోసిన తెల్లరాయి, అంటే క్వార్ట్జ్, ఇప్పుడు చైనాకు ఓడెక్కుతోంది. దానికోసం పొదలకూరు, సైదాపురం వైపు అక్రమ తవ్వకాల వ్యవహారం కేసులదాకా వెళ్ళింది. మైకా ఎక్కువగా కొనేదీ ఇప్పుడు చైనాయే.

కొట్టాయన కొత్త ఎలిమెంటు వేశాడు. ప్యాకెట్టు మీద మేడ్ ఇన్ చైనా అని ఉంది. లోపలి రేకు ఏ ఊరిదో రాయలేదు.