ఫ్రిజ్‌లో గ్యాస్ ‘అయిపోదు’: బాగుచేసేవాడి వైపు నుంచి కొన్ని అపోహలు, వాస్తవాలు

ఎండలు ముదిరితే నాకు వచ్చే ఫోన్లలో చాలావాటి మొదటి మాట ఒకటే: “ఫ్రిజ్‌లో గ్యాస్ అయిపోయినట్టుందండీ, వచ్చి నింపుతారా?” ఇరవై రెండేళ్లుగా ఫ్రిజ్‌లు బాగుచేస్తున్నాను గానీ, ఆ మాటను విన్నది విన్నట్టు నమ్మి గ్యాస్ సిలిండరు పట్టుకుని బయలుదేరిన రోజు లేదు. కూలింగ్ తగ్గడం లక్షణమే తప్ప జబ్బు పేరు కాదు. దానికి కారణం తలుపు రబ్బరు కావచ్చు, ఫ్యాను కావచ్చు, పేరుకున్న మంచు కావచ్చు, కంప్రెసర్‌ను స్టార్టు చేసే రిలే కావచ్చు. గ్యాస్‌ను వీటన్నిటి తరువాతే అనుమానించాలి, ఎందుకంటే దాన్ని పరీక్షించాలంటే రాగి గొట్టం కోయాలి, ఒకసారి కోసి అతికిన గొట్టం కంపెనీలో అతికినంత పదిలంగా ఉండడం అరుదు.

అపోహ: వాడగా వాడగా గ్యాస్ తరిగిపోతుంది కనుక రెండు మూడేళ్లకు ఒకసారి నింపించుకోవాలి.

వాస్తవం: ఈ భ్రమ వంటగ్యాస్‌తో పోల్చుకోవడం వల్ల పుట్టింది. వంటగ్యాస్ మండి ఖర్చవుతుంది. ఫ్రిజ్‌లోని గ్యాస్‌కు మండే పని లేదు. అది కంప్రెసర్‌లో ఒత్తిడికి లోనై వేడెక్కి, కండెన్సర్‌లో చల్లబడి ద్రవంగా మారి, తేమనూ మురికినీ పట్టే ఫిల్టర్ డ్రయర్‌నూ సన్నని క్యాపిలరీ గొట్టాన్నీ దాటి, ఫ్రీజర్ కాయిల్‌లో ఆవిరవుతూ లోపలి వేడిని పీల్చుకుని, తిరిగి కంప్రెసర్‌కే చేరుతుంది. అంతా మూసిన గొట్టాల్లోనే జరుగుతుంది కాబట్టి, గ్యాస్ తగ్గిందంటే ఎక్కడో చిల్లు పడిందని అర్థం. నైట్రోజన్ ఒత్తిడి పెట్టి, సబ్బు నురగతో ఆ చిల్లును పట్టుకుని, దాన్ని మూసి, ఫిల్టర్ డ్రయర్ మార్చి, వాక్యూమ్ పంపుతో గొట్టాల్లోని గాలినీ తేమనూ లాగేసి, ఆ తరువాతే గ్యాస్ ఎక్కించాలి. అదీ తూకం వేసి ఎక్కించాలి. ఈనాటి ఇళ్లలోని ఫ్రిజ్‌లలో ఎక్కువగా ఉండే ఆర్600ఎ గ్యాస్ సుమారు 40 నుంచి 60 గ్రాములే పడుతుంది, ఎంత పట్టాలో ఫ్రిజ్ మీద అంటించిన పట్టీలోనే రాసి ఉంటుంది. పైగా దాని లో సైడు, అంటే కంప్రెసర్ గ్యాస్‌ను లోపలికి లాగే వైపు, ఒత్తిడి నడిచేటప్పుడు బయటి గాలి ఒత్తిడికంటే తక్కువగా ఉంటుంది కనుక, పాత ఆర్134ఎ అలవాటుతో గేజీ ముల్లు పైకి లేచేదాకా నింపేవారు తప్పకుండా ఎక్కువ నింపేస్తారు. మెకానిక్ వచ్చినప్పుడు “లీకు ఎక్కడ దొరికింది? ఎన్ని గ్రాములు వేశారు?” అని రెండే ప్రశ్నలు అడగండి. నీళ్లు నమిలితే పని ఎలా జరిగిందో మీకే తెలుస్తుంది.

గత మే నెలలో గుంటూరులో ఒక పెద్దావిడ ఇంటికి వెళ్లాను. డబుల్ డోర్ ఫ్రాస్ట్ ఫ్రీ ఫ్రిజ్, నాలుగు నెలల్లో రెండుసార్లు గ్యాస్ నింపించారు. “నింపిన పది రోజులు బాగానే ఉంటుంది బాబూ, తరువాత మళ్లీ మామూలే. పైన ఐస్‌క్రీం రాయిలా ఉంటుంది, కింద పాలు విరిగిపోతాయి” అన్నారు. ఆ ఒక్క వాక్యంలో జబ్బంతా ఉంది. ఫ్రీజర్ వెనుక పలక స్క్రూలు తీసి చూస్తే కాయిల్ కనిపించలేదు. అల్యూమినియం రెక్కల సందులన్నీ పూడిపోయి, తెల్లటి మంచుగోడ ఒకటి ఈ చివరినుంచి ఆ చివరిదాకా సమానంగా కట్టుకుని ఉంది. గ్యాస్ తక్కువైతే మంచు కాయిల్ మొదట్లో ఒకటి రెండు వరసల మీదే పట్టి మిగతాది బోసిగా ఉంటుంది. నిండుగా పట్టిందంటే గ్యాస్‌కు ఏ లోటూ లేదన్నమాట. ఫ్యాను తిరుగుతున్నా చల్లగాలి ఆ గోడను దాటి కింది అరలకు రాలేకపోతోంది.

ఫ్రాస్ట్ ఫ్రీ ఫ్రిజ్‌లో కొన్ని గంటలకు ఒకసారి కంప్రెసర్ ఆగి, కాయిల్ కింది హీటర్ వెలిగి, పట్టిన మంచును కరిగించాలి. మీటరు పెడితే హీటర్ మూడు వందల ఓమ్‌లకు పైగా చూపింది, అంటే బాగానే ఉంది. పక్కనున్న థర్మల్ ఫ్యూజు తెగిపోయి ఉంది. ఆ ఫ్యూజు ఊరికే పోదు. హీటర్‌ను వేళకు ఆపవలసిన బైమెటల్ అతుక్కుపోతే అది కాలుతుంది కనుక రెండూ మార్చాను. మరి గ్యాస్ నింపినప్పుడల్లా పది రోజులు ఎలా పనిచేసింది? గ్యాస్ పనికోసం ఫ్రిజ్‌ను గంటల తరబడి ఆపి, తలుపులు తెరిచి ఉంచారు. మంచు దానంతటదే కరిగిపోయింది. “అమ్మా, మీరు రెండుసార్లు డబ్బిచ్చింది మంచు కరగడానికి” అని చెబితే ఆవిడ నవ్వారు గానీ, ఆ నవ్వులో సంతోషం లేదు. మీ ఇంట్లోనూ గ్యాస్ నింపిన వారం పది రోజులకే కథ మొదటికొస్తే, మూడోసారి నింపించే ముందు ఈ పలక తీయించి చూడండి.

అపోహ: సింగిల్ డోర్ ఫ్రీజర్‌లో గడ్డకట్టిన మంచును చాకుతోనో అట్లకాడతోనో జాగ్రత్తగా తీస్తే ఏమీ కాదు.

వాస్తవం: నిజంగా గ్యాస్ పోయిన ఫ్రిజ్‌లు నా దగ్గరకు ఎక్కువగా వచ్చేది ఈ దారిలోనే. ఆ ఫ్రీజర్ పెట్టె గోడలే ఎవాపరేటర్, అంటే గ్యాస్ ఆవిరై చల్లబరిచే భాగం. రెండు పల్చని అల్యూమినియం రేకుల నడుమ గ్యాస్ దారులు ఉబ్బెత్తుగా ఉంటాయి. చాకు మొన తగిలితే “సుయ్”మని సన్నని చప్పుడు వస్తుంది, అంతే. అల్యూమినియం మీద వేసే అతుకులు ఎక్కువ రోజులు నిలవవు కనుక చాలాసార్లు ఎవాపరేటర్ మొత్తం మార్చవలసి వస్తుంది. థర్మోస్టాట్ నాబ్ మధ్యలో ఉండే డీఫ్రాస్ట్ బటన్‌ను మంచు మందంగా కాకముందే నొక్కడం ఒక్కటే అసలైన జాగ్రత్త. తొందరగా ఉంటే ఫ్రిజ్ ఆపి, ఒక గిన్నెడు వేడినీళ్లు లోపల పెట్టి తలుపు మూయండి. ఆ నాబ్ మీది అంకెల గురించి కూడా ఒక మాట: అవి డిగ్రీలు కావు, అంకె పెరిగినకొద్దీ చల్లదనం పెరుగుతుంది.

అపోహ: ఆర్600ఎ మండే గ్యాస్ కనుక ఆ ఫ్రిజ్ ఇంట్లో బాంబు లాంటిది.

వాస్తవం: అది ఐసోబ్యూటేన్, మండే వాయువే. కానీ వంటింట్లోని ఎల్పీజీ సిలిండరులో 14.2 కిలోలు ఉంటే, ఫ్రిజ్‌లో ఉన్నది 50 గ్రాముల చొప్పున లెక్క వేసినా అందులో 280వ వంతు కూడా కాదు. ప్రమాదం ఎక్కువగా ఉండేది మరమ్మతు సమయంలోనే. గ్యాస్‌ను గొట్టంతో ఆరుబయటికి వదలకుండా, కిటికీలు మూసిన గదిలో గొట్టాలు అతికే గ్యాస్ టార్చి వెలిగించి పాత అతుకు విప్పే మెకానిక్‌ను అక్కడే ఆపండి. వంటగ్యాస్‌లో కలిపినట్టు ఇందులో వాసన కలపరు కనుక ముక్కును నమ్ముకోవడానికి వీల్లేదు.

అపోహ: “టిక్” మని చప్పుడు చేసి ఆగిపోతోందంటే కంప్రెసర్ పోయినట్టే.

వాస్తవం: ఇది పాతరకం, అంటే ఇన్వర్టర్ కాని కంప్రెసర్ల సంగతి. కరెంటు పోయి వెంటనే వస్తే గొట్టాల్లో రెండువైపులా ఒత్తిడి సమానం కాకముందే కంప్రెసర్ లేవబోయి, లేవలేక, ఓవర్‌లోడ్ అనే రక్షణ స్విచ్చి తెగి ఆగుతుంది. అయిదు నిమిషాలు ఆపి మళ్లీ వేస్తే చాలాసార్లు మామూలుగా నడుస్తుంది. అలా కాకపోతే ముందు వోల్టేజీ, తరువాత రిలే చూడాలి. రిలే ఊడదీసి చెవి దగ్గర ఆడిస్తే లోపల బిళ్ల పగిలి ఉంటే గలగలమంటుంది. కంప్రెసర్ మూడు పిన్నుల మధ్య ఓమ్‌లు కొలిచినప్పుడు, రెండు చిన్న అంకెల మొత్తం పెద్ద అంకెకు సరిపోయి, ఏ పిన్నుకూ బాడీతో సంబంధం లేకపోతే వైండింగ్, అంటే లోపలి తీగచుట్ట, బాగున్నట్టే. ఈ కొలతలు మీ ముందు తీయకుండా కంప్రెసర్ మార్చాలన్నవారి మాట నేనైతే వినను. ఫ్రిజ్ పక్కగోడలు వేడెక్కడాన్ని కూడా చాలామంది దీనికి ముడిపెడతారు. కండెన్సర్ గొట్టాలు ఇప్పుడు ఆ గోడల్లోనే ఉంటాయి కనుక ఆ వేడి సహజం.

అపోహ: ఐస్ మేకర్ చిన్న చిన్న, బోలు గడ్డలు వేస్తోందంటే యంత్రం మార్చాలి.

వాస్తవం: నీటి కనెక్షన్ ఉన్న సైడ్ బై సైడ్ ఫ్రిజ్‌లు మన ఊళ్లలోనూ పెరిగాయి గానీ, వాటిలోకి నీళ్లు వదిలే ఇన్‌లెట్ వాల్వు కోరే ఒత్తిడి మన ఇళ్లలో చాలావాటిలో ఉండదు. మోడల్‌ను బట్టి కనీసం 1.4 నుంచి 2 బార్ (బార్ అంటే ఒత్తిడి కొలత) అడుగుతాయి. నీటిట్యాంకు ప్రతి 10 మీటర్ల ఎత్తుకూ దాదాపు ఒక బార్ ఇస్తుంది, అంటే వంటింటికి రెండంతస్తుల పైన, సుమారు 6 మీటర్ల ఎత్తున ట్యాంకు ఉంటే 0.6 బార్ వస్తుంది. దానితో ట్రే నిండదు. అంతకన్నా ముఖ్యం, వాల్వు గట్టిగా మూసుకోవడానికీ ఆ నీటి ఒత్తిడే కావాలి. అది లేకపోతే చుక్కచుక్కగా కారి, నింపే గొట్టంలోనే గడ్డకట్టి దారి మూస్తుంది. చిన్న బూస్టర్ పంపు పెట్టించాక అసలు ఐస్ మేకర్‌ను ముట్టుకోవలసిన అవసరమే రాని ఇళ్లు చాలా చూశాను. అమెరికాలోని మనవాళ్లు అడిగినప్పుడు నా ప్రశ్నల వరుస మారుతుంది, అక్కడ కుళాయి ఒత్తిడి సాధారణంగా సరిపోతుంది కనుక ముందు నీటి ఫిల్టర్‌ను ఎప్పుడు మార్చారని అడుగుతాను. ఆరునెలలు దాటితే దాన్నే అనుమానిస్తాను. తరువాత ఐస్ పెట్టె మీది తీగచెయ్యి పైకి లేచి ఉందేమో చూడమంటాను, అది పైకి ఉంటే యంత్రం ఆగి ఉన్నట్టు. ఐస్ మధ్యలో తెల్లగా ఉంటే మాత్రం కంగారు పడకండి. గడ్డ బయటినుంచి లోపలికి కడుతుంది కనుక నీటిలోని గాలీ లవణాలూ నడుమకు చేరి అలా కనిపిస్తాయి.

అపోహ: కింద కూరగాయల పెట్టెలో నీళ్లు చేరడం, గ్యాస్ నీరుగా కారడం వల్ల.

వాస్తవం: గ్యాస్ నీరుగా కారదు. వెనకగోడ దిగువన ఉండే డ్రెయిన్ రంధ్రంలో కొత్తిమీర ఆకో పాల మీగడో అడ్డుపడి ఉంటుంది. గోరువెచ్చని నీళ్లు సిరంజితో కొడితే వదులుతుంది. ఆ నీళ్లు వెళ్లి చేరేది వెనక కంప్రెసర్ మీది ట్రేలోకి. దాన్ని వారానికొకసారి తుడిచి ఆరబెట్టండి, డెంగ్యూ దోమ గుడ్లు పెట్టడానికి ఆ నిలవ నీరు చాలు.