మన బోరు నీళ్ళని ఎవరు చూస్తారు?

పిల్లలూ, బోరు నీళ్ళు అద్దంలా తేటగా ఉన్నాయి కదా తాతయ్యా, మళ్ళీ టెస్ట్ ఎందుకు అని మొన్న ఫోన్లో అడిగారు, అప్పుడు సరిగ్గా చెప్పలేకపోయా, అందుకే తీరిగ్గా రాస్తున్నా.

మున్సిపాలిటీ నీళ్ళైతే ఫిల్టర్ చేసి క్లోరిన్ కలిపి వదుల్తారు, చివరి కుళాయి దగ్గర కూడా లీటరుకి 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలుండాలి. మన అపార్ట్‌మెంట్ బోరు సంగతి వేరు. బోరు వేసేటప్పుడు 2002 నాటి వాల్టా చట్టం (నీరు, భూమి, చెట్ల చట్టం) కింద పర్మిషన్ తీసుకోవాలి, అంతే, ఆ తర్వాత ఆ నీళ్ళు తాగొచ్చా అని ఏటేటా వచ్చి అడిగేవాళ్ళు ఎవరూ లేరు, ఆ పని అసోసియేషన్‌దే, అంటే మనదే.

నల్గొండ వైపు ఊళ్ళల్లో బోరు నీళ్ళల్లో ఉన్న ఫ్లోరైడ్‌కి రంగూ లేదు వాసనా లేదు, అవే తాగి పెరిగిన పిల్లలకి పళ్ళు గారపట్టి, పెద్దయ్యాక ఎముకలు వంగిపోయాయి. ఫ్లోరైడ్ లీటరుకి 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే నీళ్ళు దొరక్కపోతే 1.5 దాకా. కాచి తాగితే పోతుంది అనుకుంటారు చాలామంది, పోదు, నీళ్ళు ఆవిరై ఇంకా ఎక్కువవుతుంది. కాస్తే చచ్చేవి క్రిములు మాత్రమే.

ఆ క్రిముల కోసం ఒక చిన్న సీసా దొరుకుతుంది, లోపల మందు ఉంటుంది, గీత దాకా నీళ్ళు పోసి వెచ్చటి చోట ఒకటి రెండు రోజులు ఉంచితే చాలు, నల్లగా మారితే మురుగు కలిసినట్టు అనుమానించాల్సిందే. పోయిన వానాకాలం మన సీసా నల్లబడింది. వెళ్ళి చూస్తే కేసింగ్ పైపు, అంటే బోరులోకి దించిన గొట్టం, నేలతో సమానంగా ఉంది, చుట్టూ వాన నీళ్ళు నిలిచి సందుల్లోంచి లోపలికే దిగుతున్నాయి! పైపు ఎత్తు పెంచి, చుట్టూ సిమెంటు గట్టు కట్టించి, బ్లీచింగ్ వేసి, సంపు కడిగించి మళ్ళీ టెస్ట్ చేయించాం, సెప్టిక్ ట్యాంక్ దగ్గర్లో ఉన్న బోర్లకి ఈ బాధ ఇంకా ఎక్కువ.

సీసాలో ఫ్లోరైడ్, నైట్రేట్ (మురుగు, ఎరువుల నుంచి నీళ్ళల్లో చేరేది) తెలియవు, వాటికి ల్యాబ్‌కి పంపాల్సిందే. కాబట్టి వచ్చే మీటింగ్‌లో నాన్నని అడగమనండి, వానలకి ముందు ఒకసారి తర్వాత ఒకసారి టెస్ట్ చేయించమని, రిపోర్టు తేదీ కనపడేలా లిఫ్ట్ పక్కన అతికించమని.

మీ తాతయ్య