ప్రాసిక్యూటర్ గదికి రాని గ్రాంటు

సమన్లలో పదిన్నర అని ఉంటే పది గంటలకే కోర్టుకు చేరుకున్నాను. రోడ్డు ప్రమాదం కేసులో నేను చూసిన సాక్షిని. ఊరి పేరు, కోర్టు పేరు రాయను. సీమలోని ఒక కోర్టు అనుకోండి, చాలు. ప్రభుత్వం తరఫున కేసు నడిపే ఏపీపీ (అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటర్) గారు ఎక్కడుంటారని అడిగితే కోర్టు కానిస్టేబుల్ వరండా చివరకు చెయ్యి చూపించాడు. అక్కడ ఒక టేబుల్, దాని మీద కేసు కట్టలు, రెండు కుర్చీలు. ఒక కుర్చీలో కూడా కట్టలే. ఏపీపీ గారు నిలబడే నా పాత స్టేట్‌మెంట్ తీసి, చూసిందే చెప్పమని, తెలియకపోతే తెలియదని చెప్పమని రెండు నిమిషాల్లో ముగించారు. ఈలోపు కాల్‌వర్క్, అంటే ఆ రోజు కేసులను ఒక్కొక్కటిగా పిలవడం, మొదలైందని పిలుపు వచ్చింది.

నా వెనక ఇంకో కేసు సాక్షి నిలబడి ఉంది. నడివయసు మనిషి, పక్కన పద్నాలుగేళ్ల కూతురు. "సార్, మేము యాడ కూచోవల్ల?" అని అడిగింది. ఏపీపీ గారు అటూ ఇటూ చూసి, బయట వేపచెట్టు కింద బెంచీ చూపించారు. ఆ బెంచీకి ఆ చివర ముద్దాయి తరఫు వాళ్లు కూర్చుని ఉన్నారు. ఆమె బెంచీ దాకా పోయి, కూర్చోకుండా గోడ పక్కన నిలబడిపోయింది.

ఆ రోజు నుంచి ఒక ప్రశ్న నన్ను వదల్లేదు. కోర్టు భవనాలకు కేంద్రం డబ్బులిస్తుంది. పోలీసులకు ఇస్తుంది. ఫోరెన్సిక్ ల్యాబులకు ఇస్తుంది. బాధితుల తరఫున, ప్రభుత్వం పేరున కోర్టులో నిలబడే ఈ మనిషికి ఒక గది, ఒక టైపిస్టు ఎందుకు రావడం లేదు? ఇది ఒక్క అధికారి నిర్లక్ష్యంతో వచ్చింది కాదు. తవ్వితే దీని వేర్లు బ్రిటిషు కాలం దాకా పోతాయి.

1898 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ కింద సెషన్స్ కోర్టులో పబ్లిక్ ప్రాసిక్యూటర్ ఉండేవాడు. కింది మేజిస్ట్రేట్ కోర్టుల్లో మాత్రం కేసు నడిపే పని ఎక్కువగా పోలీసులదే. దర్యాప్తులో పాల్గొన్న అధికారి కేసు నడపకూడదన్నది ఒక్కటే అడ్డు. అంటే పక్క స్టేషన్ అధికారి వచ్చి నడపవచ్చు. ప్రాసిక్యూటింగ్ సబ్‌ఇన్‌స్పెక్టర్లు అన్న మాట అప్పటిదే. పోలీసు మనిషే కేసు నడుపుతుంటే ఆయనకు వేరే ఆఫీసు ఎందుకు? స్టేషనే ఆఫీసు, రైటరే గుమాస్తా, కానిస్టేబులే ప్యూను. ఖర్చంతా పోలీసు పద్దులోనే. ఈ ఏర్పాటు దశాబ్దాల పాటు సాగడంతో ప్రాసిక్యూషన్‌కు తనదంటూ ఒక సంచి ఉండాలన్న ఆలోచనే ఎవరికీ రాలేదు.

1953 అక్టోబరు 1న కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయింది. కోస్తా, సీమ నాయకులు చేసుకున్న శ్రీబాగ్ ఒప్పందం ప్రకారం రాజధాని ఒక చోట, హైకోర్టు ఇంకో చోట ఉండాలి కాబట్టి హైకోర్టు గుంటూరుకు పోయింది. 1956లో రెండూ హైదరాబాదుకు పోయాయి. అప్పటి నుంచి ఇప్పటి దాకా న్యాయం అంటే మన దగ్గర చర్చంతా హైకోర్టు ఎక్కడ, బెంచి ఎక్కడ అనే. ఆ కోరిక న్యాయమైనదే, నాకూ ఉంది. కానీ ఆదోని నుంచో, కదిరి నుంచో, పులివెందుల నుంచో వచ్చే సాక్షికి మొదట తగిలేది హైకోర్టు గడప కాదు, ఏపీపీ టేబుల్.

ఆ టేబుల్ గురించి మొదట గట్టిగా మాట్లాడింది 1958లో వచ్చిన లా కమిషన్ 14వ నివేదిక. అప్పుడు కమిషన్ అధ్యక్షుడు ఎం.సి. సెతల్వాడ్. ప్రాసిక్యూషన్‌ను పోలీసు శాఖ నుంచి విడదీయాలని, ప్రతి జిల్లాలో ప్రత్యేక ప్రాసిక్యూషన్ విభాగం పెట్టి దానికి ఒక అధికారిని బాధ్యుణ్ని చేయాలని ఆ నివేదిక చెప్పింది. ప్రతి జిల్లాలో అన్న మాట గుర్తుపెట్టుకోవాలి, మళ్లీ దాని దగ్గరికే వస్తాం.

సగం పని 1973 నాటి కొత్త క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ చేసింది. అది 1974 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. మేజిస్ట్రేట్ కోర్టుల్లో కేసులు నడపడానికి అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటర్లను పెట్టాలని, పోలీసు అధికారి ఆ పదవికి అర్హుడు కాడని 25వ సెక్షన్ చెప్పింది. ఏపీపీ దొరక్కపోతే మాత్రం, దర్యాప్తులో పాల్గొనని ఇన్‌స్పెక్టర్‌కు అప్పగించవచ్చని మినహాయింపు పెట్టింది. సెషన్స్ కోర్టులో కేసులు నడిపే జిల్లా పీపీ (పబ్లిక్ ప్రాసిక్యూటర్) సంగతి వేరు. కనీసం ఏడేళ్ల ప్రాక్టీసు ఉన్న లాయర్ల పేర్లతో, జిల్లా జడ్జిని సంప్రదించి కలెక్టరు ప్యానెల్ పంపితే ప్రభుత్వం అందులోంచి నియమిస్తుంది. ప్రభుత్వం మారితే పీపీలు మారడం మనందరం చూస్తున్నదే.

ఇంతకీ పోలీసు స్టేషన్ నుంచి ఏపీపీని బయటికి తెచ్చారు గానీ, బయట ఆయన ఎక్కడ కూర్చోవాలో ఆ కోడ్‌లో లేదు. కొన్ని రాష్ట్రాల్లో పేరుకే బయటికి వచ్చి, పెత్తనం పోలీసులదే అయింది. మహారాష్ట్రలో ఏపీపీలు దీని మీద సుప్రీంకోర్టు దాకా వెళ్తే, వాళ్లను పోలీసు శాఖ అజమాయిషీ నుంచి తప్పించి ప్రత్యేక కేడర్‌గా పెట్టాలని 1995లో షహానే కేసులో కోర్టు చెప్పింది. 2003లో నేర న్యాయ వ్యవస్థ సంస్కరణల మీద వేసిన మలిమత్ కమిటీ ప్రాసిక్యూషన్ వ్యవస్థను గట్టి చేయాలంది. 2005 సవరణతో కోడ్‌లో 25-ఎ సెక్షన్ చేరి ప్రాసిక్యూటర్లను నడిపించే డైరెక్టరేట్ ఆఫ్ ప్రాసిక్యూషన్‌కు చట్టంలో చోటు దొరికింది. అయితే అదే సెక్షన్ డైరెక్టరును హోంశాఖ అధిపతి పాలనా నియంత్రణలో ఉంచింది. పోలీసు శాఖ కూడా అదే హోంశాఖ కింద ఉంది. ఇద్దరూ ఒకే వాకిట్లో చెయ్యి చాపితే బరువు ఎటు మొగ్గుతుందో చెప్పనక్కర్లేదు. మన రాష్ట్రంలో ఏపీపీ పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చేది ఇప్పటికీ పోలీసు నియామక మండలే. 2025లో 42 పోస్టులకు ఇచ్చింది కూడా ఆ మండలే.

ఇక డబ్బుల దగ్గరికి వద్దాం. అసలు కథ ఇక్కడే ఉంది.

కోర్టు భవనాలకు కేంద్ర పథకం 1993-94 నుంచి నడుస్తోంది. కోర్టు హాళ్లు, జడ్జిల క్వార్టర్లు దాని లక్ష్యం. 2021లో దాన్ని 9,000 కోట్లతో పొడిగించి, లాయర్ల హాళ్లు, మరుగుదొడ్లు, డిజిటల్ కంప్యూటర్ గదులు కూడా చేర్చారు. మంచి పనే, మహిళా లాయర్లు, కక్షిదారులు పడే అవస్థ చూసినవాళ్లు కాదనలేరు. కానీ కొత్తగా చేర్చిన ఆ మూడింటి పక్కన ప్రాసిక్యూటర్ గది అన్న ముక్క లేదు.

కేంద్ర పన్నుల్లో రాష్ట్రాల వాటా తేల్చేది ఆర్థిక సంఘం. 11వ ఆర్థిక సంఘం దేశవ్యాప్తంగా 1,734 ఫాస్ట్‌ట్రాక్ కోర్టులకు 502.90 కోట్లు ఇచ్చింది. 2011 మార్చి 31తో కేంద్రం ఆ సాయం ఆపేసింది. 2010-15 కాలానికి 13వ ఆర్థిక సంఘం న్యాయరంగానికి 5,000 కోట్లు కేటాయించింది. అందులో ఉదయం, సాయంత్రం కోర్టులకు 2,500 కోట్లు, పాత చారిత్రక కోర్టు భవనాల మరమ్మతుకు 450 కోట్లు, పబ్లిక్ ప్రాసిక్యూటర్ల శిక్షణకు 150 కోట్లు. నాకు తెలిసినంతలో ఆర్థిక సంఘం లెక్కల్లో ప్రాసిక్యూటర్ అన్న మాట సొంతంగా ఒక వరుస సంపాదించుకున్నది అక్కడే. అదీ శిక్షణకే. శిక్షణ నుంచి తిరిగొచ్చాక నేర్చుకున్నది కాగితం మీద పెట్టడానికి టైపిస్టు కావాలి కదా.

14వ సంఘం వచ్చాక పద్ధతి మారింది. పన్నుల్లో రాష్ట్రాల వాటా 42 శాతానికి పెరిగింది కాబట్టి న్యాయరంగం ఖర్చు అందులోంచే చూసుకోమన్నారు. రాష్ట్ర ఖజానాలో న్యాయరంగం వాటా కోసం అడిగేవాళ్లే తక్కువ, అందులో ప్రాసిక్యూషన్ కోసం అడిగేవాళ్లు ఇంకా తక్కువ. 15వ సంఘం న్యాయరంగానికి 10,425 కోట్లు సిఫారసు చేసింది. పథకాలు రూపొందించేటప్పుడు పరిశీలిస్తామని కేంద్రం చెప్పి ఊరుకుంది.

2019 జులై 25న సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశాన్ని మాత్రం నేను చాలాసార్లు చదివాను. పిల్లల మీద అత్యాచారాల కేసులను కోర్టు తనంతట తానే చేపట్టింది. వందకు మించి పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల చట్టం) కేసులున్న ప్రతి జిల్లాలో వాటికోసమే ఒక కోర్టు పెట్టాలంది. ఆ డబ్బు కేంద్రం ఇవ్వాలంది. జడ్జి జీతానికే కాదు, పిల్లలకు తోడుండే సహాయకులకు, స్పెషల్ పబ్లిక్ ప్రాసిక్యూటర్లకు, సిబ్బందికి, పిల్లలు భయపడకుండా సాక్ష్యం చెప్పే గదులకు కూడా ఆ నిధి సరిపోవాలని విడివిడిగా రాసింది. ప్రాసిక్యూటర్ ఖర్చు ఎవరు భరించాలో అంత స్పష్టంగా చెప్పిన మాట అంతకుముందు నాకు కనబడలేదు. ఆ ఏడాదే మహిళల భద్రత కోసం పెట్టిన నిర్భయ నిధితో 1,023 ఫాస్ట్‌ట్రాక్ ప్రత్యేక కోర్టుల పథకం మొదలైంది. కోర్టుకు ఏడాదికి 75 లక్షలు, కేంద్రం 60, రాష్ట్రం 40 శాతం. ఆ పథకంలో ఒక కోర్టు అంటే ఒక న్యాయాధికారి, ఏడుగురు సిబ్బంది. కోర్టు ఆదేశంలో పేరు పెట్టి చెప్పిన ప్రాసిక్యూటర్, సహాయకులు ఆ లెక్కలో పేరు పేరునా లేరు. పోక్సో చట్టం 32వ సెక్షన్ ప్రకారం ప్రతి ప్రత్యేక కోర్టుకూ స్పెషల్ పీపీని నియమించాల్సింది రాష్ట్రమే. ఆయన్ను నియమించాక ఆయన వెనక నిలబడే మనుషుల సంగతి చట్టంలో లేదు, పథకంలోనూ లేదు.

వరండా చివర గోడకు ఆనుకుని నిలబడిన ఆ పద్నాలుగేళ్ల పిల్లది ఏ కేసో నేను అడగలేదు. అడగకూడదు కూడా.

ఇతర దేశాల్లో ఎలా ఉందో చూస్తే ఒక విషయం నన్ను ఆపేసింది. అమెరికాలో 1994 నాటి మహిళలపై హింస నిరోధక చట్టం కింద రాష్ట్రాలకు వెళ్లే స్టాప్ గ్రాంటులో ఎవరికెంత అన్నది చట్టమే తేల్చి పెట్టింది. కనీసం 25 శాతం పోలీసులకు, 25 శాతం ప్రాసిక్యూటర్లకు, 30 శాతం బాధితుల సేవలకు, 5 శాతం కోర్టులకు. వాళ్ల జిల్లా అటార్నీలు ఎన్నికయ్యేవాళ్లు, వ్యవస్థ వేరు, మనం దాన్ని ఎత్తి తెచ్చుకోలేం. కానీ పోలీసుకు ఎంతో ప్రాసిక్యూటర్‌కూ అంతే అని చట్టంలో రాయడం వల్ల ఎవరినీ బతిమాలాల్సిన పని ఉండదు.

మన దేశంలోనే ఇంకా దగ్గరి ఉదాహరణ ఉంది. డబ్బు లేని ముద్దాయిల తరఫున వాదించడానికి న్యాయసేవాధికార సంస్థలు 2022లో లీగల్ ఎయిడ్ డిఫెన్స్ కౌన్సెల్ వ్యవస్థ తెచ్చాయి. జిల్లా కేంద్రంలో చీఫ్, డిప్యూటీ, అసిస్టెంట్ లాయర్లు పూర్తికాలం పనిచేస్తారు. వాళ్లకు ఆఫీసు, డేటా ఎంట్రీ ఆపరేటర్, ఆఫీస్ అసిస్టెంట్ ఉంటారు. దీనికి మూడేళ్లకు 998.43 కోట్లు కేటాయించారు. పేదవాడికి మంచి లాయరు దొరకాల్సిందే, అందులో రెండో మాట లేదు. ప్రాసిక్యూషన్‌కు డబ్బు ఎలా అడగాలో నేర్పే నమూనా కూడా ఇదే. ఎంతమంది మనుషులు, ఏ పని, ఎంత ఖర్చు అని ముందే రాసిపెట్టారు, వచ్చింది.

రాయలసీమలో దీని అవసరం ఇంకా ఎక్కువ. సాక్షులు అడ్డం తిరగడం ఫ్యాక్షన్ కేసుల్లో దశాబ్దాలుగా చూస్తున్నాం. సాక్షి ఎందుకు తిరుగుతాడు? భయం ఒక కారణం. రాజీ ఇంకో కారణం. మూడోది ఎవరూ చెప్పనిది, అలుపు. పొద్దున్నే బస్సెక్కి రావడం, కూలి పోగొట్టుకోవడం, సాయంత్రం వాయిదా అనిపించుకుని పోవడం, ఇలా ఐదారుసార్లు జరిగితే ఎవరికైనా విసుగొస్తుంది. సాక్షికి కోర్టు బత్తా ఇప్పించవచ్చని చట్టంలో ఉంది, కాకపోతే దాని కోసం కాగితం పెట్టే మనిషి ఉండాలి. వాయిదా పడిందని ముందురోజే ఫోను చేసే మనిషి ఉండాలి. సాక్షుల రక్షణ పథకాన్ని సుప్రీంకోర్టు 2018 డిసెంబరులో మహేందర్ చావ్లా కేసులో ఆమోదించింది. దాని కింద దరఖాస్తు రాసివ్వడానికి కూడా పక్కన ఒక మనిషి కావాలి.

ఇప్పుడు 1958 మాట దగ్గరికి వద్దాం. పాత కోడ్ స్థానంలో 2023లో చేసి, 2024 జులై 1న అమల్లోకి తెచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) 20వ సెక్షన్‌లో జిల్లా డైరెక్టరేట్ ఆఫ్ ప్రాసిక్యూషన్ అన్న మాట వచ్చింది. సెతల్వాడ్ నివేదిక తర్వాత 65 ఏళ్లకు జిల్లా అన్న మాట చట్టంలోకి ఎక్కింది. పని కూడా గట్టిగానే పెట్టారు. పదేళ్లు, ఆపైన శిక్ష పడే కేసులు, యావజ్జీవం, మరణశిక్ష కేసులను డైరెక్టరు చూడాలి. ఏడేళ్ల నుంచి పదేళ్ల లోపువాటిలో పోలీసు రిపోర్టును డిప్యూటీ డైరెక్టరు పరిశీలించి, కేసు త్వరగా తేలేలా చూడాలి. ఏడేళ్ల లోపువి అసిస్టెంట్ డైరెక్టరు చూడాలి. చార్జిషీటు వేశాక తప్పులు దొరకడం కన్నా వేయకముందే సరిచూసుకోవడం ఎంతో మేలు. కానీ ఇవన్నీ చదవాలి, రాయాలి, గడువులు చూసుకోవాలి. పోలీసు, కోర్టు, జైలు, ఫోరెన్సిక్, ప్రాసిక్యూషన్‌లను కంప్యూటర్లో కలిపే ఐసీజేఎస్ రెండో దశకు 3,375 కోట్లు ఇచ్చారు. ఈ-ప్రాసిక్యూషన్ అందులో ఒక స్తంభం. ఆ స్తంభంలో వివరాలు ఎక్కించే చెయ్యి ఎవరిదంటే, ఆపరేటర్ లేనిచోట మళ్లీ ఆ ఏపీపీదే.

2022 ఏప్రిల్ 4న మన జిల్లాలు విడిపోయాయి. కర్నూలు నుంచి నంద్యాల, అనంతపురం నుంచి శ్రీసత్యసాయి, కడప వైపు అన్నమయ్య వచ్చాయి. కలెక్టరేట్లు, ఎస్పీ ఆఫీసులు రెట్టింపయ్యాయి. కొత్త జిల్లాల్లో ప్రాసిక్యూషన్ ఆఫీసుకు ఎంతమంది, ఎంత చోటు అన్న లెక్క ఇప్పుడే వేయాలి.

ఇంకో సంగతి. కోర్టు భవనాల పథకం, ఫాస్ట్‌ట్రాక్ ప్రత్యేక కోర్టుల పథకం, డిఫెన్స్ కౌన్సెల్ కేటాయింపు, ఐసీజేఎస్ రెండో దశ, ఈ నాలుగింటి గడువూ 2025-26 ఆర్థిక సంవత్సరంతోనే, అంటే 2026 మార్చి 31 దాకానే పెట్టారు. కొత్త విడతకు మార్గదర్శకాలు రాసేటప్పుడు ఒక్కోదానిలో ఒక్కో వరుస చేరాలి. భవనాల్లో ప్రాసిక్యూటర్ గది, దాని పక్కన సాక్షులు కూర్చునే గది. ఫాస్ట్‌ట్రాక్ కోర్టు సిబ్బందిలో స్పెషల్ పీపీ, ఆయనకో సహాయకురాలు. ఐసీజేఎస్‌లో ఆపరేటర్. ఈ ప్రతిపాదన జిల్లా నుంచి డైరెక్టరేట్‌కు, అక్కడి నుంచి హోంశాఖకు, ఆర్థిక శాఖకు, ఆపైన ఢిల్లీకి పోవాలి. కింద నుంచి ఎంతమంది, ఎన్ని గదులు, ఎన్ని కేసులు అన్న అంకెలు లేకుండా పోయిన కాగితం పైన ఎక్కడా నిలబడదు.

ఆ రోజు నా సాక్ష్యం పావుగంటలో అయిపోయింది. బయటికి వచ్చేసరికి ఆ తల్లీకూతుళ్లు ఇంకా గోడ పక్కనే ఉన్నారు. కానిస్టేబుల్ వచ్చి, "ఈ పొద్దు కాదంటమ్మా, వచ్చే నెల 18కి రాండి" అన్నాడు. ఆమె ఆ తేదీని చీటీ మీద రాయించుకుని, చీటీ మడిచి కూతురి చేతికిచ్చింది.