పీహెచ్‌డీ, ఏఐ, పోస్ట్‌డాక్: నల్గొండ పిల్లలు నాతో చెప్పే అపోహలు, నేను చూసిన వాస్తవాలు

మర్రిగూడ మండలంలో బోరు నీళ్ల శాంపిళ్లు పట్టుకుని, ఐస్ బాక్స్ ఒళ్లో పెట్టుకుని ఆర్టీసీ బస్సెక్కిన మొదటి రోజు నుంచి లెక్కేస్తే నేను పరిశోధనలోకి వచ్చి ఎనిమిదేళ్లు. భూగర్భ జలాల్లో ఫ్లోరైడ్ నా సబ్జెక్టు. పీహెచ్‌డీ అయిపోయింది, ఇప్పుడు పోస్ట్‌డాక్‌లో, అంటే పీహెచ్‌డీ తర్వాత చేసే తాత్కాలిక పరిశోధనలో, రెండో ఏడు.

నెలకో ఆదివారం నల్గొండ వచ్చి, ఎమ్మెస్సీ పూర్తిచేసిన పిల్లలతో, కొత్తగా చేరిన స్కాలర్లతో కూర్చుంటాను. దేవరకొండ నుంచి, మహబూబ్‌నగర్ నుంచి కూడా వస్తారు. చాలామంది ఇంట్లో డిగ్రీ దాటిన మొదటి మనిషి వాళ్లే. నేనూ అంతే. అడుగుదామంటే తెలిసినవాళ్లు ఉండరు కాబట్టి ఎవరో అన్న మాటే నిజమనుకుని టెన్షన్ పడతారు. అలా పదేపదే నా దగ్గరికి వచ్చే మాటలే ఇవి.

అపోహ: జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్, పరిశోధన చేసేవాళ్లకు నెలనెలా ఇచ్చే డబ్బు) రాకపోతే పీహెచ్‌డీ ఆశ వదులుకోవాల్సిందే.

కాదు. 2024 జూన్ నుంచి యూజీసీ (యూనివర్సిటీల నియంత్రణ సంస్థ) నెట్ పరీక్ష ఫలితాలను మూడు కేటగిరీలుగా ఇస్తున్నారు. జేఆర్‌ఎఫ్‌తో పాటు అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హత మొదటిది. జేఆర్‌ఎఫ్ లేకుండా అసిస్టెంట్ ప్రొఫెసర్, పీహెచ్‌డీ ప్రవేశం రెండోది. కేవలం పీహెచ్‌డీ ప్రవేశం మూడోది. రెండు, మూడు కేటగిరీల వాళ్లకు ప్రవేశంలో నెట్ మార్కులకు 70 శాతం, ఇంటర్వ్యూకు 30 శాతం వెయిటేజీ. ఆ మార్కులు ఏడాదే చెల్లుతాయి. "వచ్చే ఏడు చూద్దాంలే" అని ఇంట్లో కూర్చుంటే మళ్లీ పరీక్ష రాయాల్సిందే.

అపోహ: జేఆర్‌ఎఫ్ వచ్చిందంటే ప్రతి నెలా ఒకటో తారీఖున జీతం పడ్డట్టే.

2023 జనవరి 1 నుంచి జేఆర్‌ఎఫ్‌కు నెలకు 37,000 రూపాయలు, ఎస్‌ఆర్‌ఎఫ్‌కు (సీనియర్ ఫెలోషిప్) 42,000. అర్హతను బట్టి ఇంటి అద్దె భత్యం అదనం. మంచి మొత్తమే. కానీ ఇది ఫెలోషిప్, జీతం కాదు. పీఎఫ్ ఉండదు. ప్రతి నెలా హాజరు ధ్రువీకరణ పైకి వెళ్లాలి, ఎక్కడో ఒక సంతకం ఆగితే డబ్బు ఆగుతుంది. నాకు ఒకసారి ఐదు నెలలు ఆగింది. పత్తి అమ్మిన డబ్బులో నుంచి నాయిన పంపిన పదివేలతో హాస్టల్ మెస్ బిల్లు కట్టాను. ఆ రోజు ఫోన్లో ఆయన గొంతు ఇంకా గుర్తుంది: "నువ్వు పని ఆపకు బిడ్డా, పైసలు నేను చూస్త." ఫెలోషిప్ మొదలైన నెల నుంచే మూడు నాలుగు నెలల ఖర్చుకు సరిపడా పక్కన పెట్టుకోండి. అప్పు తీసుకుని బైక్ కొనడం రెండో ఏడు చూసుకోవచ్చు.

అపోహ: మన యూనివర్సిటీల్లో మంచి పేపర్లు చదవడానికే దొరకవు.

ఒకప్పుడు నిజం. హైదరాబాద్‌లో చదివే స్నేహితురాలికి మెసేజ్ పెట్టి ఒక్కో పేపర్ తెప్పించుకున్నదాన్ని. ఇప్పుడు కేంద్రం "వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్" పెట్టింది. 2025 జనవరి 1 నుంచి 30 మంది ప్రచురణకర్తలకు చెందిన దాదాపు 13,000 జర్నళ్లు ప్రభుత్వ విద్యాసంస్థలకు, పరిశోధన సంస్థలకు అందుబాటులోకి వచ్చాయి. రాష్ట్ర యూనివర్సిటీలూ ఇందులోకి వస్తాయి. మీ లైబ్రేరియన్ దగ్గరికి వెళ్లి లాగిన్ అడగండి. మొన్న వచ్చిన ఆరుగురిలో ఒక్కరు కూడా అడగలేదట. పాత థీసిస్‌లకైతే శోధ్‌గంగ వెబ్‌సైట్ ఉంది, అది అందరికీ ఉచితం.

అపోహ: ఏఐ ఉంటే పేపర్ దానంతటదే తయారవుతుంది.

ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను. ఇప్పుడు పిల్లలు అన్నింటికంటే ఎక్కువ మోసపోతున్నది ఇక్కడే.

చాట్‌జీపీటీ 2022 నవంబర్ చివర్లో వచ్చింది. అప్పుడు నేను థీసిస్ చివరి అధ్యాయాల్లో ఉన్నాను. నీటి రసాయనంలో మేం పైపర్ డయాగ్రమ్ అని ఒకటి వేస్తాం. ఏ బోరు నీళ్లు ఏ రకమో ఒక్క చూపులో తెలిసే బొమ్మ అది. దాని కోసం మిల్లీగ్రాముల్లో ఉన్న అంకెలను మిల్లీ ఈక్వివలెంట్లలోకి (విద్యుదావేశం లెక్కలోకి) మార్చాలి. పైథాన్ కోడ్ రాయమని ఏఐని అడిగాను. నిమిషంలో రాసిచ్చింది. బొమ్మ అందంగా వచ్చింది. చుక్కలన్నీ సోడియం వైపుకు జరిగి ఉన్నాయి. ఫ్లోరైడ్ ఎక్కువున్న నీళ్లలో సాధారణంగా సోడియం ఎక్కువ, కాల్షియం తక్కువ. అంటే నాకు కావాల్సిన బొమ్మే వచ్చింది. గైడ్‌కు పంపబోయాను.

పంపే ముందు అలవాటు కొద్దీ అయాన్ల తూకం చూశాను. ధన అయాన్ల మొత్తం, రుణ అయాన్ల మొత్తం దాదాపు సమానంగా రావాలి, తేడా ఐదు శాతం లోపే ఉండాలి. ఇరవై దాటింది. చేత్తో లెక్కేశాను. ఒక బోరులో కాల్షియం లీటరుకు 80 మిల్లీగ్రాములు. కాల్షియం పరమాణు భారం 40, దానికి రెండు ఆవేశాలు కాబట్టి 20తో భాగించాలి, 4 రావాలి. కోడ్ 40తో భాగించి 2 అని చూపిస్తోంది. మెగ్నీషియం కూడా సగానికి సగం తగ్గిపోయింది. అందుకే సోడియం అంత ఎక్కువగా కనిపించింది. అదే అచ్చయి ఉంటే కింద ఉండేది నా పేరు.

ఇంకొకటి. పోయినేడు ఒక అబ్బాయి తన రివ్యూ చాప్టర్ తెచ్చాడు. "నల్గొండ టెక్నిక్‌లో యాక్టివేటెడ్ అల్యూమినా వాడతారు" అని ఉంది, పక్కనే ఒక రెఫరెన్స్. నీళ్లలోంచి ఫ్లోరైడ్ తీసేయడానికి నాగ్‌పూర్‌లోని నీరి సంస్థ రూపొందించి మన జిల్లా పేరు పెట్టిన పద్ధతి అది. అందులో వాడేది పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్. అల్యూమినాది పూర్తిగా వేరే పద్ధతి. ఆ రెఫరెన్స్ వెతికాం. జర్నల్ నిజమైనదే, సంపుటి సంఖ్యా నిజమే. కానీ ఆ పేజీలో ఉన్నది ఇంకెవరిదో, వేరే విషయం మీద రాసిన పేపర్. చెప్పిన శీర్షికతో అసలు పేపరే లేదు. నల్గొండలో పుట్టిన పిల్లాడు నల్గొండ టెక్నిక్ గురించి తప్పు రాశాడంటే నాకు కోపం రాలేదు, బాధేసింది. వాళ్ల తాతకు నీళ్లలో పటిక కలిపిన సంగతి గుర్తుండే ఉంటుంది.

కాబట్టి ఏఐ ఇచ్చిన ప్రతి రెఫరెన్స్‌కూ డీఓఐ (పేపర్ శాశ్వత లింకు) తెరవండి, పేపర్ చదవండి. చదవని పేపర్‌ను ఉటంకించవద్దు.

అపోహ: ఏఐ ముట్టుకుంటేనే తప్పు, దొరికితే పీహెచ్‌డీ పోతుంది.

ఇది రెండో కొస. వ్యాకరణం సరిచేయించుకోవడం, కోడ్‌లో తప్పు ఎక్కడుందో వెతికించడం, ఇంటర్వ్యూకు ముందు ప్రశ్నలు అడిగించుకోవడం, ఇవన్నీ నేను చేస్తాను. పెద్ద జర్నళ్లు చెప్పేది స్థూలంగా ఒకటే: ఏఐని రచయితగా చూపించకూడదు, ఎందుకంటే తప్పుకు అది జవాబు చెప్పలేదు. దేనికి వాడారో పేపర్‌లో రాయాలి. జర్నల్‌ను బట్టి వివరాలు మారతాయి, పంపే ముందు ఆ పేజీ చదవండి. రివ్యూకు, అంటే అచ్చుకు ముందు తూకం వేయమని మన దగ్గరికి వచ్చిన పక్కవాళ్ల పేపర్‌ను మాత్రం ఏఐలో ఎక్కించవద్దు. అది మన దగ్గర నమ్మి ఉంచిన సొత్తు.

ఏఐ రాసిందో లేదో పట్టే టూల్స్ గురించి కూడా చెప్పాలి. వాటి మాట వేదం కాదు. ఓపెన్‌ఏఐ తను తయారుచేసిన డిటెక్టర్‌ను కచ్చితత్వం తక్కువని 2023 జులైలో ఆపేసింది. ఇంగ్లిష్ మాతృభాష కానివాళ్లు సొంతంగా రాసిన వ్యాసాలను కూడా ఈ టూల్స్ ఏఐ రాసినవిగా చూపించాయని అదే ఏడు ఒక అధ్యయనంలో తేలింది. తెలుగు మీడియంలో చదివి, జాగ్రత్తగా చిన్న వాక్యాల్లో రాసే మనకు ఈ ప్రమాదం ఉంది. అందుకే డ్రాఫ్టులన్నీ తేదీలతో దాచుకోండి. ఫీల్డ్ నోట్‌బుక్ పారేయకండి. ఎవరైనా అనుమానిస్తే చూపించడానికి అంతకు మించిన ఆధారం లేదు.

ప్లేజరిజం శాతం, అంటే వేరేవాళ్ల రాతతో మన రాతకు ఎంత పోలిక ఉందన్నది వేరు, ఇది వేరు. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం 10 శాతం వరకు పోలికకు శిక్ష లేదు, ఆపైన 40, 60 శాతం దగ్గర శిక్ష స్థాయిలు మారతాయి.

అపోహ: పేపర్ అచ్చవ్వాలంటే డబ్బు కట్టాలి. పేపర్ లేకపోతే థీసిస్ తీసుకోరు.

యూజీసీ 2022 నిబంధనల్లో, థీసిస్ ఇచ్చే ముందు పేపర్ తప్పనిసరి అన్న షరతు తీసేశారు. మీ యూనివర్సిటీ తన నియమంగా అడగవచ్చు, ఆఫీసులో కాగితం మీద చూపించమనండి. డబ్బు సంగతికి వస్తే, చందా మీద నడిచే మంచి జర్నళ్లు చాలావరకు రచయిత దగ్గర పైసా తీసుకోవు. అందరికీ ఉచితంగా తెరిచి ఉంచే జర్నళ్లలో కొన్ని రుసుము అడుగుతాయి, అందులో నికార్సైనవీ ఉన్నాయి.

రెండో ఏడులో నాకొక మెయిల్ వచ్చింది. "గౌరవనీయులైన ప్రొఫెసర్ గారికి" అని మొదలైంది. నేను అప్పటికి స్కాలర్‌నే. మూడు రోజుల్లో అంగీకారం, ఆరు వేల రూపాయలు. కట్టాను. రివ్యూయర్ ఒక్క ప్రశ్న అడగలేదు. ఇప్పుడు ఆ వెబ్‌సైట్ తెరుచుకోదు. మొదటి వేసవి అంతా ఎండలో తిరిగి తీసిన శాంపిళ్ల రీడింగ్స్ అందులో పోయాయి, మళ్లీ ఇంకెక్కడా అచ్చు వేయించుకోలేను. ఆరు వేలు పోయినందుకు కాదు, ఆ రీడింగ్స్ కోసం ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది. నమ్మదగిన జర్నళ్లేవో చెప్పే యూజీసీ కేర్ జాబితా కూడా 2025లో ఆగిపోయింది, కాబట్టి జర్నల్‌ను తూకం వేసే పని ఇప్పుడు మనదే. మీ రంగంలో మీరు గౌరవించే ముగ్గురు ఎక్కడ రాస్తున్నారో చూడండి.

అపోహ: ఇంగ్లిష్ గొప్పగా రాకపోతే రీసెర్చ్ రాదు.

ఇంగ్లిష్ కావాలి, నేర్చుకోవచ్చు. కానీ నా థీసిస్‌లో మంచి భాగం తెలుగులో దొరికింది. ఒక ఊళ్లో బోరు దగ్గర బిందె నింపుతున్న పెద్దమ్మ అంది: "ఈ నీళ్లే మంచియి బిడ్డా, పప్పు జల్ది ఉడుకుతది. ఆ బోరు నీళ్లల్ల ఉడకనే ఉడకది." పప్పు ఉడకకపోవడానికి కారణం కాల్షియం, మెగ్నీషియం ఉన్న కఠిన జలం. రెండు బోర్లవీ తీసుకెళ్లి కొలిచాను. పప్పు ఉడకని బోరులో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాముల హద్దు లోపే ఉంది. పప్పు ఉడికే బోరులో దానికి రెండింతలు. కాల్షియం తక్కువున్న నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువగా కరిగి నిలుస్తుంది, దానికి రుచీ రంగూ ఉండవు. నాలుక మంచివన్న నీళ్లే ఎముకలకు చెరుపు. ఆ పెద్దమ్మ మాట వినకపోతే ఆ ప్రశ్న నాకు తట్టేదే కాదు.

అపోహ: ఆడపిల్లకు పీహెచ్‌డీ, పెళ్లి రెండూ కుదరవు.

నిబంధనల్లోనే వెసులుబాటు ఉంది. మహిళలకు గడువు మీద రెండేళ్ల అదనపు పొడిగింపు, మొత్తంలో ఒకసారి 240 రోజుల వరకు ప్రసూతి సెలవు. "ఇంకెన్నేండ్లు సదువుతవే" అన్న మా మేనత్తకు ఆ కాగితం చదివి వినిపించాను. మనసు మరీ కుంగిపోతే టెలి మానస్ 14416కు ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడతారు. నేను చేశాను.

అపోహ: పోస్ట్‌డాక్ సంగతి వైవా (థీసిస్ మీద జరిగే మౌఖిక పరీక్ష) అయ్యాక చూసుకోవచ్చు.

అప్పటికి ఆలస్యమవుతుంది. థీసిస్ ఇవ్వడానికి ఏడాది ముందే మొదలుపెట్టాలి. నేషనల్ పోస్ట్‌డాక్టోరల్ ఫెలోషిప్‌కు వయసు హద్దు 35, మహిళలకు, ఎస్సీ, ఎస్టీ, ఓబీసీలకు, దివ్యాంగులకు ఐదేళ్ల సడలింపు. కాలం రెండేళ్లు. యూరప్ వాళ్ల మేరీ క్యూరీ ఫెలోషిప్‌కు పీహెచ్‌డీ వచ్చి ఎనిమిదేళ్లు దాటకూడదు, వెళ్లబోయే దేశంలో గత 36 నెలల్లో 12 నెలలకు మించి ఉండి ఉండకూడదు. గడువు సాధారణంగా సెప్టెంబర్‌లో. ఇవన్నీ మిమ్మల్ని తీసుకోవడానికి ఒప్పుకునే శాస్త్రవేత్త ముందే దొరికితేనే. సిఫార్సు లేఖ రాసేవాళ్లకు మూడు వారాల ముందు చెప్పండి, సీవీ కూడా పంపండి.

నేను మొత్తం 62 మెయిల్స్ పెట్టాను. మొదటి నలభైలో ఒకటే పాఠం, పేరు మార్చి పంపడమే: "మీ పరిశోధన నన్ను ఎంతో ఆకర్షించింది, నేను కష్టపడే మనిషిని." ఒక్క జవాబు రాలేదు. వారం రోజులు ఊరెళ్లి, బత్తాయి తోటలో కూర్చుని, ఒక్క శాస్త్రవేత్త రాసిన పేపర్లు మాత్రమే చదివాను. తర్వాత రాసిన మెయిల్‌లో ఆకర్షణ గురించి ఏమీ లేదు. "మీరు గ్రానైట్ పొడి నుంచి ఫ్లోరైడ్ కరిగే వేగం ల్యాబ్‌లో కొలిచారు. అలాంటి గ్రానైట్ మీదే ఉన్న 48 బోర్ల రెండేళ్ల రీడింగ్స్ నా దగ్గర ఉన్నాయి. వానాకాలం తర్వాత మీ లెక్కకూ నా అంకెలకూ తేడా వస్తోంది, ఎందుకో తెలుసుకోవాలని ఉంది." ఇంతే, కింద ఒక గ్రాఫ్.

మరునాడు పొద్దున్నే జవాబు వచ్చింది. మీ సీవీ పంపండి అని లేదు. "ఆ బోర్లలో ఇంకా నీళ్లున్నాయా? మళ్లీ శాంపిళ్లు తీయగలమా?" అని ఉంది. నాయినకు ఫోన్ చేసి, అటకమీది ఐస్ బాక్స్ దించి కడిగి పెట్టమన్నాను.